రొయ్యల ప్లాంటు డ్రెస్సింగ్ రూముకు ప్లాస్టిక్ లాకర్లా, ఇనుపవా?

గోదావరి స్టోర్స్ (చర్చ మొదలుపెట్టినవారు)
భీమవరం దగ్గర ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో స్టోర్స్ చూస్తాను. ఆడవాళ్ల డ్రెస్సింగ్ రూములో 180 ఇనుప లాకర్లు ఉన్నాయి. నాలుగేళ్లకే కింది అరలు తుప్పు తినేసి తలుపులు ఊడిపోతున్నాయి. గది రోజూ రెండుసార్లు క్లోరిన్ నీళ్లతో కడుగుతాం, పైగా తడి బట్టలు. ఇప్పుడు రెండు కొటేషన్లు వచ్చాయి. ఒకటి పౌడర్ కోటింగ్ (పొడి రంగు చల్లి వేడికి అతికించేది) వేసిన 22 గేజ్ మందం ఇనుము. ఇంకొకటి పలకలు ఒకదానికొకటి బిగించే ఏబీఎస్ అనే గట్టి రకం ప్లాస్టిక్, దీని రేటు ఎక్కువ. సోమవారం లోపు నోట్ పెట్టాలి. వాడినవాళ్లు చెప్పండి.

బాలానగర్ ఫ్యాబ్రికేటర్
ఇరవై రెండేళ్లుగా ఇదే పని చేస్తున్నా. తుప్పు పట్టడం ఇనుము తప్పు కాదండి, చేసిన పని తప్పు. షీటుకున్న గ్రీజు, తుప్పు కడిగి ఫాస్ఫేటింగ్ (ఫాస్ఫేట్ ద్రావణంతో షీటు మీద పొర పట్టించడం) చేశాకే పౌడర్ కొట్టాలి. రేటు తగ్గించమని పీకుతుంటే ముందు ఎగిరిపోయేది ఆ కడుగుడే. కంటికి కనపడదు కదా! కోసిన అంచుల్లో, వెల్డింగ్ చుక్కల దగ్గర, గాలి కోసం కొట్టిన చీలికల్లో తుప్పు మొదలవుతుంది. అసలు 22 గేజ్ అడిగిందెవరు? 20 గేజ్ తీసుకుని, కింద ఆరంగుళాల కాళ్లు పెట్టించండి.

విజయవాడ పాలిమర్స్
నేను ప్లాస్టిక్ అమ్మేవాణ్ణే, దాచను. క్లోరిన్ ఉన్నచోట మామూలు ఇనుము వద్దు. 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలుకు కూడా క్లోరైడు వల్ల చుక్కచుక్కగా గుంటలు పడతాయి. 316 రకం మేలు, కానీ ఆ రేటు మీ యాజమాన్యం పెట్టదు. ప్లాస్టిక్‌కు తుప్పన్నది లేదు, పైపుతో కడిగేయొచ్చు. అయితే ప్లాస్టిక్ అంతా ఒకటి కాదు. పలక వెనక త్రికోణంలో 2 ఉంటే హెచ్‌డీపీఈ (గట్టి రకం పాలిథిన్), 5 ఉంటే పాలీప్రొపిలీన్. ఏబీఎస్ 7 కిందకు వస్తుంది. మీరు హెచ్‌డీపీఈ అడగండి.

ఉప్పుగాలి
కాకినాడలో సముద్రం పక్కన మా ఇంటి గేటే ఆగలేదు. లాకరేం ఆగుతుంది?

కొత్త మెంబర్ 77
22 గేజ్ అంటే 20 కన్నా మందమే కదా? మరి తగ్గించమంటారేంటి?

బాలానగర్ ఫ్యాబ్రికేటర్
తమ్ముడూ, అది తిరగేసి చదవాలి. నంబరు పెరిగేకొద్దీ షీటు పలచన. 20 గేజ్ దాదాపు 0.9 మిల్లీమీటర్లు, 22 అయితే 0.7. ఆ తేడా తలుపు మీద చెయ్యి వేస్తేనే తెలుస్తుంది. ఇది తెలియకే సగం ఆఫీసులు మోసపోతున్నాయి. మంట మాట కూడా ఎవరూ ఎత్తట్లేదు. ప్లాస్టిక్ అంటుకుంటే ఏమిటి గతి? 180 మంది ఆడవాళ్లు బట్టలు మార్చుకునే గది అది.

విజయవాడ పాలిమర్స్
మంట భయం ఉత్తదే అనను. హెచ్‌డీపీఈ 130 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. అమెరికాలో ఈ లాకర్లకు ఎన్‌ఎఫ్‌పీఏ 286 అనే మంట పరీక్ష అడుగుతారు. మీరూ సప్లయర్‌ను సర్టిఫికెట్ అడగండి. కానీ రోజంతా తడిగా ఉండే గదిలో మంట పేరు చెప్పి ఇనుము అంటగట్టడం అన్యాయం.

బాలానగర్ ఫ్యాబ్రికేటర్
అంటగట్టడమా? పోయినేడు ఒక ఫ్యాక్టరీ వాళ్లు 60 లాకర్లు ఆర్డరిచ్చారు. నేను షీటు కోయించాక "ప్లాస్టిక్ తీసుకున్నాం" అని ఒక్క ఫోనుతో తేల్చేశారు. కోసిన షీటు తుక్కు రేటుకు పోయింది. షాపులో ఆరుగురు ఉండేవాళ్లు, ఇప్పుడు ముగ్గురే. మీ పలకకు లక్షలు పోసిన అచ్చు ఉంటుంది, ఆ అచ్చు కొలతకే గది సర్దుకోవాలి. నేనైతే మూలకు సరిపడా కొలతతో చేసిస్తా.

విజయవాడ పాలిమర్స్
అన్నా, నాకూ సుఖమేమీ లేదు. చైనా నుంచి కంటైనర్లలో దిగే ఏబీఎస్ లాకర్ల ముందు ఇక్కడ అచ్చు వేసినవాళ్ల సరుకు నిలబడట్లేదు. ముడిసరుకు చూస్తే రిలయన్స్, హల్దియా పెట్రోకెమికల్స్, గెయిల్ లాంటి పెద్దవాళ్ల చేతిలో ఉంది. క్రూడ్ ధర కదిలితే వాళ్ల రేటు కదులుతుంది. మేం ఇచ్చిన కొటేషన్ మాత్రం కదలకూడదు.

పద్మ పాలకొల్లు
నేను ఇలాంటి ప్లాంటులోనే ఆరేళ్లు రొయ్య ఒలిచాను, ఊరు పేరు చెప్పను. లోపలికి వెళ్లాలంటే గాజులు, దిద్దులు, నల్లపూసలు అన్నీ తీసెయ్యాలి. సరుకులో పడితే కొనేవాళ్లు ఒప్పుకోరంటారు. అది న్యాయమే. అందుకని లాకరులో పెట్టాను. షిఫ్టు దిగి వచ్చేసరికి తలుపు మూల వంచేసి ఉంది, దిద్దులు లేవు. అమ్మ పెట్టినవి. సూపర్‌వైజర్ గోడ మీద బోర్డు చూపించాడు. "విలువైన వస్తువులకు యాజమాన్యం బాధ్యత వహించదు" అని ఉంది.

విజయవాడ పాలిమర్స్
అమ్మా, అది ఇనుప లాకరేనా? చూశారా, పలచటి షీటు చేత్తోనే వంగుతుంది. మందపాటి హెచ్‌డీపీఈ పలకయితే వంచినా మళ్లీ తన ఆకారానికి వస్తుంది.

బాలానగర్ ఫ్యాబ్రికేటర్
వంగేది 22 గేజ్! నేను మొదటి నుంచీ చెప్తున్నది అదే. ఏబీఎస్ తలుపుకు తాళం వేసే కొక్కెం స్క్రూడ్రైవర్ పెట్టి లాగితే ఊడి వస్తుంది. అది మాత్రం చెప్పరేం?

పద్మ పాలకొల్లు
మీరిద్దరూ నా దిద్దులు మధ్యలో పెట్టుకుని బేరమాడుకుంటున్నారు. ఏ గేజో నాకు తెలియదు. పోయిన సామాను ఎవరు కడతారో ఒక్కరూ మాట్లాడలేదు. తియ్యమన్నది మీరే, పెట్టమన్న చోటూ మీదే, పోతే బాధ్యత మాదా? పైగా డూప్లికేట్ తాళాలు ఎవరి దగ్గరున్నాయో మాకెప్పుడూ చెప్పలేదు. ఆ రోజు మా వరసలో వాళ్లనే సోదా చేశారు. తాళాల గుత్తి ఉన్నవాళ్లను ఎవరూ అడగలేదు.

గోదావరి స్టోర్స్
అమ్మా, మా ప్లాంటు గురించి అన్నట్టుంది మీ మాట. మా దగ్గర అలాంటిదేం జరగలేదు. నేను అడిగింది మెటీరియల్ గురించి.

పద్మ పాలకొల్లు
జరగలేదా, మీ దాకా రాలేదా? మా కేసు స్టోర్స్ దాకా వచ్చిందనుకుంటున్నారా? నాతో పాటు ఇంకో ఇద్దరివి పోయాయి. వాళ్లు నోరెత్తలేదు. మర్నాడు పనిలోకి రావద్దంటే ఏం చేస్తారు?

చట్టం గుమాస్తా
ఒక మాట. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టం 1948, సెక్షన్ 43. పనివేళల్లో వేసుకోని బట్టలు పెట్టుకోవడానికి, తడి బట్టలు ఆరబెట్టుకోవడానికి చోటు ఉండేలా రాష్ట్ర ప్రభుత్వం నిబంధనలు చెయ్యొచ్చని అందులో ఉండేది. ఆ సెక్షన్ చెప్పింది బట్టల సంగతే. నగలు, ఫోన్ల ఊసు అందులో లేదు.

ఉప్పుగాలి
అందుకేనేమో మా చెల్లెలు పనికి వెళ్లే రోజు దిద్దులు ఇంట్లోనే తీసి వెళ్తుంది. బోసి చెవులతో బస్సెక్కడం అమ్మకు నచ్చదు. రోజూ గొడవే.

గోదావరి స్టోర్స్
పద్మగారూ, ఇందాక దురుసుగా అన్నాను, ఏమీ అనుకోకండి. ఈ రోజు షిఫ్టు మారే వేళ ఆ గది బయట నిలబడి నలుగురిని అడిగాను. ముగ్గురు ఫోను లాకరులో పెట్టరట, టిఫిన్ డబ్బా అడుగున దాస్తారట. నాలుగేళ్లుగా ఇక్కడున్నా నాకు తెలియదు. ప్లాస్టిక్‌ది ఒకటి, 20 గేజ్‌ది ఒకటి శాంపిల్ తెప్పించి వారం రోజులు ఆ గదిలోనే పెట్టిస్తాను. తాళం ఎవరిది వాళ్లే తెచ్చుకునేలా కొక్కెం ఉండాలని, డూప్లికేట్లు ఉండకూడదని నోట్‌లో రాస్తాను.

పద్మ పాలకొల్లు
బోర్డు సంగతి?

గోదావరి స్టోర్స్
అది నా చేతిలో లేదమ్మా. తీసెయ్యాలని మాత్రం రాస్తాను. సంతకం పెట్టేది జీఎం గారు.

పద్మ పాలకొల్లు
రాశాక ఇక్కడ చెప్పండి. ఆ ఇద్దరికీ చూపిస్తాను.

బాలానగర్ ఫ్యాబ్రికేటర్
శాంపిల్ నేను పంపుతా, డబ్బులొద్దు. ఫాస్ఫేటింగ్ చేసినదే. తలుపు మూల వంచగలిగితే వంచి చూడమనండి.