పదిహేడేళ్ల అబ్బాయికి ఆందోళన, నిద్రలేమి: సీబీడీ గమ్మీలు ఇవ్వవచ్చా?

ప్రశ్న (ఒక తల్లి, హైదరాబాద్)

అందరికీ నమస్కారం. మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతూ జేఈఈకి సిద్ధమవుతున్నాడు. కొన్ని నెలలుగా రాత్రి ఒంటిగంట దాటినా నిద్ర పట్టడం లేదు. వీక్లీ టెస్టు ఉన్న రోజు పొద్దున్నే కడుపులో తిప్పుతుందని, ఓఎంఆర్ షీటు మీద తడి మరకలు పడేంతగా అరచేతులకు చెమటలు పడతాయని చెబుతున్నాడు. సైకియాట్రిస్టు గారు ఇటీవలే ఆందోళన తగ్గించే ఎస్సిటాలోప్రామ్ అనే మాత్రను తక్కువ మోతాదులో మొదలుపెట్టి, కౌన్సెలింగుకు కూడా రమ్మన్నారు.

ఈలోగా డాలస్‌లో ఉంటున్న మా ఆడపడుచు, అక్కడ చాలామంది నిద్ర కోసం సీబీడీ (కెనబిడియోల్) అనే పదార్థం కలిపిన గమ్మీలు, అంటే నమిలే మిఠాయిలు, వాడుతున్నారని, గంజాయి జాతి మొక్క నుంచి తీసినా వాటిలో మత్తు ఉండదని, వచ్చే నెల ఇక్కడికి వచ్చేటప్పుడు ఒక సీసా తెస్తానని అంటున్నారు. ఆవిడ పంపిన ఫొటోలో ఒక్కో గమ్మీకి 25 మిల్లీగ్రాములు అని, పైన ‘ఫుల్ స్పెక్ట్రమ్’ అని రాసి ఉంది. ఆవిడ మంచి మనసుతోనే చెబుతున్నారు. కానీ ఈ వయసు పిల్లలకు ఇది నిజంగా పనిచేస్తుందా, వేసుకుంటున్న మాత్రతో కలిపి ఇవ్వవచ్చా అన్నది తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

స్పందన 1 (ఆసుపత్రి ఫార్మసిస్టు, న్యూజెర్సీ)

నమస్కారం అండీ. మీ రెండో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే తొందర అక్కడే ఉంది. సైకియాట్రిస్టుకు చెప్పకుండా కలిపి ఇవ్వవద్దు. మన కాలేయంలో సీవైపీ2సీ19 అనే ఎంజైము ఎస్సిటాలోప్రామ్‌ను విరిచి బయటికి పంపే పనిలో పెద్ద వంతు చేస్తుంది. సీబీడీ ఆ ఎంజైమును అణిచివేస్తుంది. అప్పుడు డాక్టరు గారు రాసిన మోతాదు అదే అయినా రక్తంలో మందు అంతకంటే ఎక్కువ నిలిచిపోవచ్చు. గమ్మీలోని కొద్దిపాటి సీబీడీతో ఆ పెరుగుదల తక్కువే కావచ్చు గానీ, పిల్లల్లో ఈ తరగతి మందులు మొదలుపెట్టిన తొలి వారాల్లో చిరాకు, అలజడి, ఆత్మహత్య ఆలోచనలు కనిపిస్తాయేమోనని కనిపెట్టి ఉండాలని హెచ్చరిక ఉంది. అలాంటి సమయంలో మరో పదార్థాన్ని చేరిస్తే, ఏ మార్పు దేని వల్ల వచ్చిందో డాక్టరు గారికి కూడా తెలియకుండా పోతుంది.

ఇక పనిచేస్తుందా అన్న విషయం. ఆశ పుట్టించే చిన్న అధ్యయనాలు ఉన్నాయి, వాటిని తీసిపారేయలేం. 2019లో జపానులో సోషల్ యాంగ్జయిటీ (నలుగురిలో మెలగాలంటే విపరీతమైన భయం) ఉన్న 18, 19 ఏళ్ల యువతీయువకులు 37 మందిని తీసుకుని, కొందరికి రోజుకు 300 మిల్లీగ్రాముల సీబీడీని, మిగిలినవారికి మందు లేని నూనెను నాలుగు వారాలు ఇచ్చారు. సీబీడీ తీసుకున్నవారిలో ఆందోళన తగ్గింది. ఆస్ట్రేలియాలో 12 నుంచి 25 ఏళ్ల మధ్య వయసున్న, మామూలు చికిత్సకు లొంగని ఆందోళన ఉన్న 31 మందికి రోజుకు 800 మిల్లీగ్రాముల వరకు పన్నెండు వారాలు ఇవ్వగా, ఆందోళన స్కోరు సగటున 42.6 శాతం తగ్గిందని 2022లో ప్రచురించారు. అయితే ఆ అధ్యయనంలో పోల్చి చూడటానికి మందు తీసుకోని బృందమే లేదు. కౌన్సెలింగు, డాక్టరు శ్రద్ధ, కాలం గడవడం వంటివాటి వల్ల ఎంత మేలు జరిగిందో విడదీసి చెప్పలేం.

ఆ అంకెల పక్కన మీ గమ్మీని పెట్టి చూడండి. జపాను మోతాదు అందాలంటే అలాంటివి రోజుకు పన్నెండు తినాలి. పైగా సీసా మీద రాసినదంతా లోపల ఉంటుందన్న నమ్మకం లేదు. 2017లో అమెరికాలో ఆన్‌లైన్‌లో కొన్న 84 సీబీడీ ఉత్పత్తులను ప్రయోగశాలలో పరీక్షిస్తే, లేబులుకు సరిపోయినవి 31 శాతమే. 18 ఉత్పత్తుల్లో మత్తు కలిగించే టీహెచ్‌సీ కనిపించింది. ‘ఫుల్ స్పెక్ట్రమ్’ అంటేనే టీహెచ్‌సీతో సహా మొక్కలోని ఇతర పదార్థాలను తీసివేయలేదని అర్థం. ఎదుగుతున్న మెదడుకు, అందులోనూ ఆందోళనతో సతమతమవుతున్న పిల్లవాడికి, అది వద్దే వద్దు.

స్పందన 2 (ఒక తల్లి, నార్త్ కరొలైనా)

సీబీడీ పిల్లలకు పనికిరాదన్న అభిప్రాయం కలగకూడదని రాస్తున్నాను. మా పాపకు లెనాక్స్-గాస్టో సిండ్రోమ్ అనే తీవ్రమైన మూర్ఛవ్యాధి. నిలబడి ఉన్న పిల్ల ఒక్కసారిగా కాళ్లలో సత్తువ పోయి కుప్పకూలేది, అందుకని ఇంట్లో కూడా హెల్మెట్ పెట్టి తిప్పేవాళ్లం. ఈ జబ్బుకు, అలాంటిదే మరో తీవ్రమైన మూర్ఛవ్యాధి అయిన డ్రావె సిండ్రోమ్‌కు శుద్ధి చేసిన సీబీడీ ద్రవాన్ని, ఎపిడియోలెక్స్ పేరుతో, అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018 జూన్‌లో ఆమోదించింది. 2020లో ట్యూబరస్ స్క్లెరోసిస్ అనే జన్యుపరమైన జబ్బు వల్ల వచ్చే మూర్ఛలను కూడా చేర్చి, ఏడాది నిండిన పిల్లల దాకా అనుమతి ఇచ్చింది. డ్రావె ఉన్న 120 మంది పిల్లలతో జరిగిన పరీక్షలో, నెలకు మధ్యస్థంగా 12.4 సార్లు వచ్చే ఫిట్స్ సీబీడీతో 5.9కి దిగాయి. ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో 14.9 నుంచి 14.1కి మాత్రమే తగ్గాయి. మా పాపకు ఫిట్స్ పూర్తిగా ఆగలేదు, కానీ పడిపోవడం బాగా తగ్గింది. మాకు అదే కొండంత ఊరట.

అయితే అది ఎలా ఇస్తామో కూడా చెప్పాలి. మందు నువ్వుల నూనెలో కలిపి, స్ట్రాబెరీ వాసనతో, మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాముల లెక్కన వస్తుంది. బరువును బట్టి లెక్కగట్టి, సూది లేని సిరంజితో కొలిచి రోజుకు రెండుసార్లు పోస్తాం. కొవ్వు ఎక్కువగా ఉన్న భోజనంతో ఇస్తే ఒంటికి పట్టేది కొన్ని రెట్లు పెరుగుతుంది కాబట్టి, ఒకరోజు పరగడుపున, మరొకరోజు నేతి అన్నంతో ఇవ్వకూడదని, ఎప్పుడూ ఒకే పద్ధతిలో ఇవ్వాలని డాక్టరు గారు గట్టిగా చెప్పారు. పాప వాల్‌ప్రోయేట్ అనే మరో మూర్ఛ మందు కూడా వాడుతున్నందువల్ల మొదలుపెట్టే ముందు, ఆ తర్వాత ఒకటో, మూడో, ఆరో నెలల్లో కాలేయ పరీక్షలు చేయించాం. క్లోబజామ్ అనే ఇంకో మూర్ఛ మందుతో కలిసినప్పుడు పగలంతా మగతగా పడుకునేది, దాని మోతాదు తగ్గించాక తేరుకుంది. ఇన్ని జాగ్రత్తల మధ్య ఇచ్చే మందును, షాపులో దొరికే గమ్మీని ఒకే పేరుతో పిలుస్తున్నారనే నా బాధ.

స్పందన 3 (న్యాయవాది, విజయవాడ)

చట్టం సంగతి కూడా చూసుకోండి. అమెరికాలో 2018 చట్టం ప్రకారం టీహెచ్‌సీ 0.3 శాతం మించని గంజాయి జాతి మొక్కను, అంటే హెంప్‌ను, నిషేధిత పదార్థాల జాబితా నుంచి తీసేశారు. మన 1985 నాటి మత్తుపదార్థాల నిరోధక (ఎన్‌డీపీఎస్) చట్టంలో అలాంటి శాతం మినహాయింపు లేదు. గంజాయి పూత నుంచి, జిగురు నుంచి తీసినవి, వాటిని కలిపి చేసినవి కూడా దాని పరిధిలోకి వస్తాయి. ఫుల్ స్పెక్ట్రమ్ సీసాను బ్యాగులో పెట్టుకుని శంషాబాదులో దిగితే, అక్కడ అది చట్టబద్ధమే కదా అన్న వాదన ఇక్కడ నిలవదు. మీ ఆడపడుచు గారికి ఈ మాట ముందే చెప్పండి. మన దగ్గర ఆయుష్ లైసెన్సుతో, వైద్యుని చీటీ మీద అమ్మే విజయా ఆకు (గంజాయి ఆకు) మందుల సంగతి వేరు. ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2021లో ఆహారంగా అనుమతించిన హెంప్ గింజల నూనె ఇంకా వేరు, దానిలో సీబీడీ నామమాత్రమే. ఆ నూనెనే సీబీడీ అనుకుని కొనేవారు ఉన్నారు.

స్పందన 4 (అథ్లెటిక్స్ కోచ్, వరంగల్)

ఆటల్లో ఉన్న పిల్లల తల్లిదండ్రులకు ఒక్క మాట. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ వాడా 2018లో సీబీడీని నిషేధిత జాబితా నుంచి తొలగించింది గానీ, పోటీల సమయంలో టీహెచ్‌సీ మీద నిషేధం అలాగే ఉంది. కల్తీ గమ్మీ వల్ల డోప్ పరీక్షలో దొరికినా బాధ్యత క్రీడాకారుడిదే.

ప్రశ్న అడిగిన తల్లి

అందరికీ కృతజ్ఞతలు. గమ్మీలు తేవద్దని ఆడపడుచుకు ఇప్పుడే ఫోను చేసి చెప్పాను, ఆవిడ కూడా నొచ్చుకోలేదు. మందు పనిచేయడం మొదలయ్యేదాకా రాత్రిళ్లు ఎలా గడపాలన్నదే నా దిగులు.

స్పందన 1 (ఫార్మసిస్టు)

ఆ మందు ప్రభావం తెలియడానికి సాధారణంగా కొన్ని వారాలు పడుతుంది, మధ్యలో మీ అంతట మీరు ఆపవద్దు. నిద్ర సంగతి ప్రత్యేకంగా చెబుతూ సైకియాట్రిస్టు గారిని ముందుగానే కలవండి. కౌన్సెలింగులో నిద్ర వేళల మీద, పరీక్ష భయం మీద పనిచేసే సీబీటీ (ఆలోచనల, అలవాట్ల తీరు మార్చే మాటల చికిత్స) పద్ధతి ఉందేమో అడగండి. ఈ వయసు వారి ఆందోళనకు సీబీడీ కంటే ఎంతో గట్టి ఆధారాలు దానికి ఉన్నాయి. అర్ధరాత్రి అబ్బాయి మరీ కలవరపడితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోను చేయండి, తెలుగులో మాట్లాడతారు. చనిపోవాలని ఉందన్న మాట వాడి నోట వస్తే మాత్రం తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లండి.