కార్తీకంలో ఏజెన్సీ కొండలకు కుక్కని తీసుకెళ్లొచ్చా?

కాలవగట్టు
దసరా దాటాక కోనసీమ నుంచి, భీమవరం వైపు నుంచి మారేడుమిల్లి కొండలకు వెళ్లేవాళ్లు పెరుగుతున్నారు. కొందరు కుక్కల్నీ కారెక్కిస్తున్నారు. పొద్దున ఎక్కి సాయంత్రానికి దిగిపోయే నడకే. చల్లటి రోజులు, కుక్కకీ హాయి అని కొందరంటున్నారు. పల్లంలో పుట్టి పెరిగిన కుక్కకి కొండెందుకు, పైగా అది అడవి అని మిగతావాళ్లు. తీసుకెళ్లడం సరైనదేనా? తీసుకెళ్తే వదిలెయ్యొచ్చా? తెలిసినవాళ్లు వివరంగా రాయండి.

అడవిహద్దు
నా మాట వద్దనే. పాపికొండలు 2008 నుంచి జాతీయ వనం, వెయ్యి చదరపు కిలోమీటర్ల పైచిలుకు. అందులోకి పెంపుడు కుక్కని తీసుకెళ్లడానికి వీల్లేదు. హద్దు బయట కూడా అడవే కదండీ. చిరుతకి కుక్క ఇష్టమైన ఆహారం. డిస్టెంపర్ అనే కుక్కల అంటురోగం ఊరకుక్కల నుంచి అడవిలో ఉండే రేసుకుక్కలకీ పాకుతుంది. టీకాలన్నీ వేయించిన కుక్కయినా, వదిలేస్తే కణుజు జింక వాసన పట్టుకుని పోతుంది. పిలిస్తే వస్తుందన్న నమ్మకం ఇంటి పెరట్లో పనికొస్తుంది గానీ అక్కడ కాదు. కొండరెడ్ల గూడేల్లో కోళ్లు, మేకలు స్వేచ్ఛగా తిరుగుతుంటాయి. మన కుక్క ఒక కోడిని పట్టుకుంటే నష్టం వాళ్లది.

మెట్టదారి
అడవిహద్దు గారు చెప్పిన జాతీయ వనం సంగతికి ఎదురు లేదు. గొలుసు విప్పి వదలొద్దన్న మాటకీ లేదు. కానీ వనం బయట, అటవీ సిబ్బందిని అడిగి, జనం నడిచే దారిలో కుక్కతో వెళ్లడం తప్పని నేననుకోను. తప్పంతా తయారీ లేకుండా వెళ్లడంలో ఉంది.

డెల్టా కుక్క రోజూ మట్టి గట్టు మీద నడుస్తుంది, పాదాల మెత్తలు లేతగా ఉంటాయి. రాళ్ల దారిలో రెండు గంటలకే అరిగి చీలతాయి. అందుకని కనీసం ఆరు వారాల ముందే మొదలెట్టాలి. తెల్లవారుజామున సిమెంటు రోడ్డు మీద పదిహేను నిమిషాలతో ప్రారంభించి, వారం వారం కాస్త పెంచాలి. ఎత్తు అలవాటుకి వంతెనల ఏటవాలు దారులు ఉన్నాయి, పెద్దాపురం పాండవుల మెట్ట ఉంది. దిగేటప్పుడే ముందుకాళ్ల మీద బరువు పడుతుంది కాబట్టి దిగుడూ సాధన చేయించాలి.

మెడపట్టీ వద్దు, ఛాతీ చుట్టూ వచ్చే హార్నెస్ కావాలి. జారినప్పుడు దాన్ని పట్టుకుని పైకి లాగొచ్చు. తాడు రెండు మీటర్లు చాలు. లాగితే సాగే రకం పొదల్లో చిక్కుకుంటుంది.

నీళ్లకి లెక్క ఉంది. ఊరికే కూర్చున్న కుక్కకే కిలో బరువుకి రోజుకి 50 నుంచి 60 మిల్లీలీటర్లు కావాలి. 25 కిలోల లాబ్రడార్‌కి అదే లీటరున్నర దాకా అవుతుంది, ఎక్కేరోజు మరో లీటరు కలపండి. అరగంటకోసారి కొంచెం కొంచెంగా పట్టాలి. అడుగంటిన మడుగులో నీళ్లు తాగనివ్వకండి.

నాడిచూపు
పశువైద్యం వైపు నుంచి నాలుగు మాటలు. అక్టోబరు అంటే చలికాలం కాదండీ. వానలకి తడిసిన కొండ ఎండకి ఆవిరి కక్కుతుంది. కుక్క తన వేడిని ముఖ్యంగా రొప్పడంతోనే దించుకుంటుంది, గాలిలో తేమ ఉంటే ఆ పద్ధతి సరిగా పనిచెయ్యదు. పగ్, షిట్జూ లాంటి చప్పిడి ముక్కు కుక్కల్ని అసలు తీసుకెళ్లకండి. బొద్దుగా ఉన్న లాబ్‌ని కూడా.

ప్రమాదం ముఖం మీదే కనిపిస్తుంది. నాలుక చివర వెడల్పై పారలా సాగుతుంది, చొంగ జిగురుగా తీగలు కడుతుంది, చిగుళ్లు ఇటుక రంగుకి వస్తాయి. అలా కనిపిస్తే నీడలోకి చేర్చి ఒళ్లంతా నీళ్లు పోసి విసరండి. తడి తువ్వాలు కప్పొద్దు, అది వేడిని లోపలే ఉంచేస్తుంది. ముందు చల్లబరచాలి, తర్వాతే కారు. మామూలుగా 101 నుంచి 102.5 ఫారన్‌హీట్ ఉంటుంది. 104 దాటితే ఇక ఆలస్యం పనికిరాదు. సంచిలో థర్మామీటరు పెట్టుకోండి.

పాము కరిస్తే కట్టు కట్టకండి, గాటు పెట్టకండి. నడిపించకుండా ఎత్తుకుని దిగాలి. మనుషులకిచ్చే విరుగుడు మందే కుక్కకీ పనిచేస్తుంది, కానీ ప్రతి పశువుల ఆసుపత్రిలో ఉండదు. రంపచోడవరంలో గానీ రాజమండ్రిలో గానీ ఎవరి దగ్గరుందో బయల్దేరే ముందే ఫోన్ చేసి కనుక్కోవాలి. పైకెక్కాక సిగ్నల్ అందకపోవచ్చు.

వనభోజనాల ఆకులోంచి పెట్టకండి. ఉల్లి, ద్రాక్ష, ఎండుద్రాక్ష కుక్కకి విషం. ఒళ్లు నొప్పులని డైక్లోఫెనాక్, బ్రూఫెన్ మాత్రలు వెయ్యడం మరీ ప్రమాదం, కిడ్నీలు దెబ్బతింటాయి.

అడవిహద్దు
మెట్టదారి గారి తయారీ బాగుంది, ఒప్పుకుంటున్నాను. అయినా రెండు పట్టింపులున్నాయి. ఒకటి, మలం దారిలో వదలొద్దు, సంచిలో కట్టి వెనక్కి తేవాలి. రెండోది, గుడిస పచ్చిక బయలు లాంటి చోట నీడ లేదు, పది దాటాక కుక్కని అక్కడ ఉంచకండి. నవంబరులో సాయంత్రం ఐదున్నరకల్లా పొద్దు వాలుతుంది, లోయలో ఇంకా ముందే. మధ్యాహ్నం పన్నెండింటికి ఎక్కడున్నా అక్కడి నుంచే వెనక్కి తిరగాలి. వాయుగుండం కబురు ఉంటే ఆ వారం ప్రయాణమే మానుకోవాలి, ఎగువన వాన పడితే వాగు ఒక్కసారిగా పొంగుతుంది.

కాలవగట్టు
గోమార్ల సంగతి ఎవరూ చెప్పలేదేంటండీ? తడిగడ్డిలో అసలు బాధ అదే కదా.

నాడిచూపు
వాటి మందు బయల్దేరడానికి కనీసం రెండు రోజుల ముందు వేయాలి. దిగాక చెవి లోపల, చంకల్లో, కాలివేళ్ల సందుల్లో, తోక కింద వేళ్లతో తడుముతూ వెతకండి. కందిగింజంత గట్టిగా తగిలితే సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగెయ్యాలి. కిరసనాయిలు, అగ్గిపుల్ల వద్దు, రెచ్చగొడితే గోమారి తన లోపలున్న జబ్బు క్రిముల్ని కుక్క రక్తంలోకి కక్కుతుంది. ఆ తర్వాత మూడు వారాలు కనిపెట్టి ఉండండి. జ్వరం వచ్చినా, తిండి మానేసినా, ముక్కులోంచి రక్తం వచ్చినా డాక్టరుతో మొదటి మాటే కొండకి తీసుకెళ్లామని చెప్పండి. రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు చూసి మందు మొదలెట్టడం అప్పుడు తేలికవుతుంది.