సంక్రాంతి బయాథ్లాన్: రేకులు, సంచులు, పెనాల్టీ రౌండు, అన్నీ ఇక్కడే తేల్చుకుందాం

ఆటల కమిటీ (ప్రస్తుతం విజయవాడలో)

మ్యూనిక్‌లోని మన తెలుగువాళ్లందరికీ నమస్కారం. పటమటలో మా ఇంట్లో ఉన్నాను. ఇంకో తొమ్మిది రోజుల్లో మ్యూనిక్ వచ్చేస్తాను. ఈలోపు ఇక్కడ చేయించగలిగినవన్నీ చేయించుకొస్తా. కాబట్టి వాదించుకునేదేదో ఈ వారంలోనే అయిపోవాలి.

పోయిన సంక్రాంతికి లెమన్ స్పూన్, మ్యూజికల్ చైర్స్ పెట్టాం. పదేళ్లు దాటిన పిల్లలంతా ఫోన్లు పట్టుకుని ఓ మూల కూర్చున్నారు. అదే పిల్లలు జనవరిలో రుపోల్డింగ్ బయాథ్లాన్ వరల్డ్ కప్ టీవీలో వస్తుంటే అరుస్తూ చూస్తారు. రుపోల్డింగ్ మనకి పక్క ఊరి కిందే లెక్క. అందుకే ఈసారి బయాథ్లాన్ అన్నాను.

తెలియనివాళ్ల కోసం: మూడున్నర కిలోలకు తగ్గని రైఫిల్ వీపున వేసుకుని మంచు మీద స్కీలతో పోతారు. మధ్యమధ్య ఆగి 50 మీటర్ల దూరంలో ఐదు టార్గెట్లు కొట్టాలి. పడుకుని కొట్టేటప్పుడు టార్గెట్ 45 మిల్లీమీటర్లు, అంటే నిమ్మకాయంత. నిలబడి కొట్టేటప్పుడు 115, అంటే పూరీ అంత. ఎక్కువ పోటీల్లో తప్పిన ప్రతి గుండుకీ 150 మీటర్ల పెనాల్టీ రౌండు కొట్టి రావాలి.

మనకి స్కీలు వద్దు, తుపాకులు అసలే వద్దు. పరుగెత్తడం, గుడ్డ సంచులు విసరడం, అంతే. మంచు లేని బయాథ్లాన్ మన కల్పనేం కాదు. వేసవిలో చక్రాల స్కీల మీద ఆడతారు, ఉత్త పరుగుతోనూ ఆడతారు.

నిన్న మా మేనల్లుడి మీద ట్రయల్ వేశాను. ఇంటర్ సెకండియర్, క్రికెట్ ఆడే చెయ్యి. ఊరికే నిలబడి విసిరితే ఐదుకి ఐదు. అపార్ట్‌మెంట్ మెట్లు నాలుగంతస్తులు ఎక్కి వచ్చి విసరమన్నాను. రెండే తగిలాయి. మూడో సంచి పక్కింటివాళ్ల తులసికోట దగ్గర పడింది. మళ్లీ ఎక్కించి, ఈసారి రెండు ఊపిరులు ఆగి, గాలి వదిలాక విసరమన్నాను. నాలుగు. పెద్ద ఆటగాళ్లు చేసేదీ ఇదే. షూటింగ్ చోటు దగ్గర పడగానే వేగం తగ్గించుకుంటారు, ఊపిరికీ ఊపిరికీ మధ్య సందు చూసి ట్రిగ్గర్ నొక్కుతారు. ఉరకడం చాలామందికి వచ్చు, గురి కూడా కొందరికి ఉంటుంది. ఉరికి వచ్చి ఆగడమే కష్టం.

ట్రెజరర్

అన్నా, ఐడియా బాగుంది. కానీ పెనాల్టీ రౌండు తీసేద్దాం. హాలు మనకి మూడు గంటలే ఇస్తున్నారు, అందులో భోజనాలు కూడా. తప్పిన సంచికి పది సెకన్లు కలిపేస్తే పోతుంది కదా? ఎక్సెల్ నేను చూసుకుంటా.

ఆటల కమిటీ

తమ్ముడూ, నువ్వు చెప్పిన పద్ధతీ అసలు ఆటలో ఉంది. ఇండివిడ్యువల్ అనే 20 కిలోమీటర్ల పోటీలో తప్పుకి ఒక నిమిషం కలుపుతారు. ఒలింపిక్స్‌లో బయాథ్లాన్ మొదటిసారి పెట్టిన 1960లో ఉన్నది ఆ ఒక్క పోటీయే. అప్పట్లో తప్పుకి రెండు నిమిషాలు. స్వీడన్ ఆయన క్లాస్ లెస్టాండర్ కంటే వేగంగా స్కీ చేసినవాళ్లు ఉన్నారు. కానీ 20కి 20 కొట్టింది ఆయనే, బంగారు పతకమూ ఆయనదే.

అయితే టైం కలిపితే చూసేవాళ్లకి ఏం కనపడుతుంది? కాగితం మీద అంకె. అదే పెనాల్టీ రౌండైతే వాళ్ల నాన్న పొట్టేసుకుని మూడు రౌండ్లు తిరుగుతుంటే పిల్లలు లెక్కపెడతారు. నా మాట విని రౌండు ఉంచండి. కావాలంటే పరుగు తగ్గిద్దాం. హాలు వెనక గ్రౌండులో పెద్ద ముగ్గు వేస్తున్నారుగా, దాని చుట్టూ తిరిగితే పాతిక మీటర్లు. ముగ్గు తొక్కితే ఇంకో రౌండు.

అక్కడ ఒక వాలంటీర్ కచ్చితంగా ఉండాలి. అసలు పోటీల్లో రౌండు మర్చిపోయి వెళ్లిపోతే ఒక్కోదానికి రెండు నిమిషాలు వేస్తారు. మనవాళ్లు మర్చిపోరు, ఎగ్గొడతారు.

గుంటూరు బావ (బ్రాడీపేట, జనవరి 5న బయలుదేరుతున్నాను)

బావా, విజయవాడలో కూర్చుని సంచులు విసరడం ఏంటి! వెన్నం జ్యోతి సురేఖ ఊరు అది. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల ఆర్చరీలో మూడు స్వర్ణాలు. విల్లు పెట్టండి. ఆర్చరీ బయాథ్లాన్ నిజంగానే ఉంది: వీపున విల్లు కట్టుకుని స్కీ చేస్తారు, 18 మీటర్ల దూరంలో నాలుగు బాణాలు, ఒకసారి మోకాలి మీద, ఒకసారి నిలబడి. రైఫిల్ చప్పుడు కూడా ఉండదు.

ఇంకోటి, అమెరికాలో వెర్మాంట్‌లో మంచు బూట్లు కట్టుకుని, మూతిలోంచి మందు కూరే పాతకాలం తుపాకులతో ఆడతారు. కొందరు ఆ కాలం బట్టలేసుకుని మరీ వస్తారు. మనం పంచెకట్టు కేటగిరీ పెడదాం. పంచె ఊడితే డిస్‌క్వాలిఫై.

ఆటల కమిటీ

పంచెకట్టు ఓకే, డిస్‌క్వాలిఫై కూడా ఓకే. విల్లు మాత్రం హాలువాళ్లు ఒప్పుకోరు బావా. పోయినేడు రంగు కాగితాలు చల్లినందుకే డిపాజిట్‌లో కోత పెట్టారు. ఎనిమిదేళ్ల లోపు పిల్లలకి మొనకి రబ్బరు ఉండే బొమ్మ బాణాలు పెడదాం. బీసెంట్ రోడ్డులో చూస్తాను.

వంటల కమిటీ అక్క

తమ్ముడూ, సంచుల్లో ఏం నింపుతున్నావు? చింతపిక్కలు అన్నట్టు విన్నాను. గింజలు పట్టుకుని ఎయిర్‌పోర్టులో దిగితే కస్టమ్స్ వాళ్లతో తలనొప్పి. ఖాళీ సంచులు కుట్టించుకురా, ఇక్కడ రాజ్మా పోసి నోరు కుట్టేద్దాం. ఆట అయ్యాక వండుకోవచ్చు కూడా (నవ్వకండి, నిజంగానే అంటున్నా).

నాకు ఇంకో అనుమానం. ఈసారి నలుగురైదుగురి అమ్మానాన్నలు ఊళ్ల నుంచి వచ్చి ఉంటారు. వాళ్లు కుర్చీల్లో కూర్చుని చప్పట్లు కొట్టడమేనా? మా మావయ్యగారికి చూపు బాగా తగ్గింది. ఆట అనగానే ఆయన లేచి లోపలికి వెళ్లిపోతారు.

ఆటల కమిటీ

అక్కా, మంచి మాట గుర్తుచేశావు. పారాలింపిక్స్ బయాథ్లాన్‌లో చూపు లేనివాళ్లు చెవులతో గురి చూస్తారు. హెడ్‌ఫోన్లలో శబ్దం వస్తుంటుంది, గురి మధ్యకి దగ్గరయ్యే కొద్దీ స్వరం సన్నబడుతూ పైకి పోతుంది. అక్కడ దూరం 10 మీటర్లే.

ఆ పరికరం మనకి ఎక్కడిది! సాయంత్రం సెల్లార్‌లో మా నాన్నతో వేరేలా చేసి చూశాను. ఆయనకీ చూపు మసకే. కుర్చీలో కూర్చోబెట్టి, నాలుగు మీటర్ల అవతల స్టీలు పళ్లెం పట్టుకుని గరిటెతో టంగు టంగుమని కొట్టాను. మొదటి సంచి నా మోకాలికి తగిలింది. రెండోది కారు కిందకి. అప్పుడాయన, “కొట్టడం ఆపకు, చెయ్యి కదపకు” అని తల కొంచెం పక్కకి వాల్చి, కుడి చెవి ఇటు పెట్టి విసిరారు. వరసగా మూడు పళ్లెం మీదే. వాచ్‌మెన్ వచ్చి ఏం జరుగుతోందని అడిగితే “ఒలింపిక్స్” అన్నారు. మీ మావయ్యగారి పేరు రాసేస్తున్నా.

ట్రెజరర్

సరే, రౌండు ఉంచుదాం. కానీ ఒక్కొక్కరుగా ఆడితే తెల్లారుతుంది. రిలే పెట్టండి.

ఆటల కమిటీ

రిలేనే. కుటుంబానికి లేదా జట్టుకి నలుగురు, ఇద్దరు ఆడ, ఇద్దరు మగ. అసలు రిలేలో ఐదు గుళ్లతో పాటు మూడు అదనం ఉంటాయి, కానీ అవి మ్యాగజైన్‌లో (తుపాకీకి గుళ్లు పెట్టే డబ్బా) ఉండవు, ఒక్కోటి చేత్తో పెట్టుకోవాలి. మనం మూడు సంచులు వెనక తట్టలో పెడదాం. ఒక్కోసారి వంగి ఒకటే తీసుకోవాలి. అప్పటికీ పడని రేకులు (అవే మన టార్గెట్లు) ఎన్నుంటే అన్ని రౌండ్లు. పక్క లైను రేకు కొడితే మీ లెక్కలోకి రాదు, అందుకే ఒక లైను పసుపు, ఒకటి ఎరుపు వేయిస్తున్నా.

ఇక రేకుల సంగతి. ఆటోనగర్‌లో ఒక వెల్డింగ్ షాపులో ఇచ్చాను. బొమ్మ గీసి చూపిస్తే ఆయన చాలాసేపు చూసి, “ఇది ఏ బండికండీ?” అన్నాడు. పైపు ఫ్రేము, దానికి ఐదు గుండ్రటి రేకులు, వెనక మడతబందులు. మొదటి నమూనాకి సంచి తగిలితే రేకు వణికి ఊరుకుంది, పడలేదు. ఆయన బందుల్లో గ్రీజు పెట్టి, రేకు కింద అంచు కొంచెం కోశాడు. ఇప్పుడు తగిలితే టపీమని వెనక్కి పడి తెల్లటి పలక పైకి వస్తోంది. రెండు సెట్లకి 3,800 రూపాయలు. బిల్లు పంపిస్తాను.

చిక్కల్లా బరువు. సెట్టు 9 కిలోలు. నా పెట్టెలో పట్టేది 23 కిలోలే. అమ్మ ఇప్పటికే గోంగూర, మాగాయ జాడీలు కట్టి పెట్టింది. వాటికి తోడు మీరందరూ చెప్పిన గుంటూరు కారం.

వంటల కమిటీ అక్క

కారం ఐదు కిలోలు చెప్పింది నేనే. రెండు చాలు. మిగతాది జాబితాలో ఎవరెవరిదో వాళ్లే తగ్గించుకోండి, నేను అడగను.

గుంటూరు బావ

బావా, పసుపు సెట్టు నాకివ్వు. ఆదివారం విజయవాడ వస్తున్నా, ఆటోనగర్‌లోనే తీసుకుంటా. పైపులు విడదీసేలా బోల్టులు పెట్టించు, లేకపోతే పెట్టెలో పట్టవు. పానా మాత్రం చేతి సంచిలో పెట్టకు.