శనివారం పిల్లలకి 911 (అమెరికాలో ఆపద వస్తే చేసే నంబర్) క్లాస్: లైబ్రరీ రూమ్ లేదంటున్నారు, అర్జెంటుగా చూడండి

కార్యదర్శి, సోమవారం రాత్రి 9:20
లైబ్రరీ నుంచి ఇందాకే మెయిల్ వచ్చింది. శనివారానికి రూమ్ ఇవ్వలేమన్నారు. “పిల్లలు నిజమైన ఫోన్లతో 911 ప్రాక్టీస్ చేస్తారు” అని మన ఫ్లయర్‌లో ఉన్న లైను చూసి భయపడ్డారు, పైగా వాళ్ళ పేరు చేర్చిన ఇన్సూరెన్స్ సర్టిఫికెట్ కావాలట. 43 మంది పిల్లలు రిజిస్టర్ అయ్యారు. హాల్ సంగతి నేను చూస్తాను, ఎవరి పని వాళ్ళు ఆపకండి. లిస్టు మళ్ళీ పెడుతున్నాను: బ్యానర్, మైకు, సర్టిఫికెట్ల ప్రింటింగ్, ఫైర్ స్టేషన్‌కి ఫోన్, పాత ఫోన్ల సేకరణ, స్కిట్ రిహార్సల్.

కోశాధికారి, 9:41
ఈ ఏడాది పాలసీ రెన్యూ చెయ్యలేదని జనవరి మీటింగ్‌లోనే చెప్పాను. ఒక్క రోజుకి తీసుకోవచ్చు, కానీ కమిటీ ఒప్పుకోకుండా నేను ఒక్క డాలరు కూడా తియ్యను. ఇది టికెట్ లేని కార్యక్రమం, అది గుర్తుపెట్టుకోండి.

ఫ్లయర్లు, 9:58
అన్నా, ఆ లైను నేను సొంతంగా రాయలేదు. నాకు ఇచ్చిందే వేశాను, గ్రూపులో పెడితే అందరూ బాగుందన్నారు.

పాత ఫోన్లు, 10:05
ఎందుకంత టెన్షన్? నా దగ్గరికి 11 ఫోన్లు వచ్చాయి, ఒక్కదాంట్లో కూడా సిమ్ లేదు. పిల్లలు ఏం నొక్కినా కాల్ వెళ్ళదు. లైబ్రరీ వాళ్ళకి అదే మాట చెప్పండి అన్నా, ఒప్పుకుంటారు.

మైకు, 10:31
ఆగండి, ఆ మాట మాత్రం వాళ్ళతో అనకండి. సిమ్ లేకపోయినా 911 వెళ్తుంది! ఛార్జింగ్ ఉండి టవర్ అందితే చాలు. ప్లాన్ ఉందా లేదా అని చూడకుండా ఫోన్ కంపెనీలు 911 కాల్‌ను పంపాల్సిందేనని ఇక్కడ ఎఫ్‌సీసీ (టెలికాం కంపెనీల మీద అజమాయిషీ చేసే ప్రభుత్వ సంస్థ) రూల్ ఉంది. అలాంటి ఫోన్‌కి నంబర్ ఉండదు కాబట్టి లైన్ కట్టయితే 911 వాళ్ళు తిరిగి చెయ్యలేరు కూడా. 43 మంది పిల్లలు, 11 ఫోన్లు, ఒకే గంట. నిజంగా ఆపదలో ఉన్నవాళ్ళ కాల్ ఎత్తాల్సిన మనిషి మన పిల్లలతో మాట్లాడుతూ కూర్చుంటారు. లైబ్రరీ వాళ్ళు అడ్డు చెప్పడంలో తప్పు లేదు.

పాత ఫోన్లు, 10:36
ఈ ముక్క మూడు వారాల క్రితం చెప్పి ఉంటే నేను ఇల్లిల్లూ తిరిగేవాడినా?

మైకు, 10:38
నన్ను అడిగింది మైకు గురించే. ఫోన్ల సంగతి నాకు ఇవాళే తెలిసింది.

కార్యదర్శి, 10:50
ఇద్దరూ ఆపండి. నాకొకటి తోస్తోంది. ఈ శనివారం క్యాన్సిల్ చేసి, వచ్చే నెల వార్షికోత్సవంలో పది నిమిషాల స్కిట్‌గా పెట్టేద్దాం. హాల్, ఇన్సూరెన్స్ అన్నీ దాంట్లోనే కలిసిపోతాయి.

బడి టీచర్, 11:17
అన్నగారూ, మీరంటే గౌరవం ఉంది, కానీ ఈ మాటకి మాత్రం ఒప్పుకోలేను. స్టేజీ మీద నలుగురు పిల్లలు డైలాగ్ చెప్తే మిగతా ముప్పై తొమ్మిది మందికి ఏం వస్తుంది? నవంబర్‌లో మా ఇంట్లో ఏం జరిగిందో మీ అందరికీ తెలుసు, మళ్ళీ మొత్తం రాయను. మా వాడికి 911 అని తెలుసు, అడ్రస్ తెలుసు, వాళ్ళ తాతయ్య ఫోన్ చేతిలోనే ఉంది. కానీ దానికి లాక్ ఉంది. లాక్ తీయకుండానే ఆ స్క్రీన్ మీద ఎమర్జెన్సీ అని ఉంటుందనీ, అది నొక్కితే నంబర్లు వస్తాయనీ వాడికి మేము ఒక్కసారి కూడా చూపించలేదు. ఆ చలిలో చెప్పుల్లేకుండా పక్కింటికి పరిగెత్తాడు. అందుకే ఈ క్లాస్ అడిగాను. ఇంకో నెల ఆగమంటే నా వల్ల కాదు.

కోశాధికారి, 11:40
అమ్మా, నేను డబ్బు గురించి అన్నది నిన్ను ఉద్దేశించి కాదు. ఇంకోలా అనుకోకు.

బడి టీచర్, మంగళవారం ఉదయం 6:50
లేదు బాబాయ్ గారూ, నేనూ కాస్త గట్టిగానే రాశాను. రాత్రంతా ఇదే ఆలోచించాను. పాత ఫోన్లు వద్దు, నిజమే. కానీ పిల్లలు నేర్చుకోవాల్సింది సొంత ఇంట్లో ఉన్న ఫోన్ మీదే కదా. అమ్మ ఫోన్ ఒకలా ఉంటుంది, నాన్నది ఒకలా, అమ్మమ్మది ఇంకోలా.

మైకు, 7:15
అక్కా, అదే అసలు పాయింట్. సిమ్ సంగతి కూడా అక్కడే పనికొస్తుంది. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళ ఫోన్లలో చాలావాటికి ఇక్కడి సిమ్ ఉండదు, వైఫై మీద వాట్సాప్ నడుస్తుంది అంతే. వాట్సాప్‌లో 911 చెయ్యలేం. అదే మామూలు కాల్ అయితే, ఆ ఫోన్ ఇక్కడి టవర్‌ని పట్టుకోగలిగితే సిమ్ లేకుండానే వెళ్తుంది. లైన్ తెగితే వాళ్ళు తిరిగి చెయ్యలేరు కాబట్టి పిల్లలు మొట్టమొదట చెప్పాల్సింది అడ్రస్. అపార్ట్‌మెంట్ నంబర్, గేటు కోడ్ కూడా. ఏమైందో ఆ తర్వాత చెప్పొచ్చు.
ఇంకొకటి, “నైన్ ఎలెవెన్” అని నేర్పకండి, చిన్నపిల్లలు ఫోన్‌లో పదకొండు కోసం వెతుకుతారు. నైన్, వన్, వన్.

ఫ్లయర్లు, 7:40
హోటల్ ఫోన్ల సంగతి కూడా చెప్పాలేమో. 2013లో టెక్సస్‌లో, మార్షల్ అనే ఊళ్ళో, హోటల్ గదిలో కేరీ హంట్ అనే ఆమె మీద దాడి జరుగుతుంటే 9 ఏళ్ళ కూతురు నాలుగుసార్లు 911 నొక్కింది. ఆ ఫోన్‌లో బయటికి లైన్ రావాలంటే ముందు ఇంకో 9 నొక్కాలి, ఆ సంగతి పాపకి ఎవరూ చెప్పలేదు. ఒక్క కాలూ వెళ్ళలేదు, తల్లి చనిపోయింది. ఆ తర్వాతే 2018లో కేరీస్ లా వచ్చింది, కొత్తగా పెట్టే ఫోన్ సిస్టమ్‌లలో నేరుగా 911 వెళ్ళాలని. నేర్పినట్టే చేసింది ఆ పాప. ఫ్లయర్ కోసం చదువుతుంటే కనపడింది, అప్పటినుంచీ మనసులోంచి పోవడం లేదు.

కోశాధికారి, 8:05
హాల్ ఎందుకసలు? మా ఇంట్లో ఆరుగురు పిల్లల్ని కూర్చోబెట్టగలను. అమ్మానాన్నల్లో ఒకరు వాళ్ళ ఫోన్ తీసుకుని తోడు రావాలి. ఖర్చు లేదు, హాల్ వాళ్ళ సర్టిఫికెట్ గొడవా లేదు. మా ఆవిడ అవతలి గదిలో 911 ఎత్తే ఆపరేటర్‌గా కూర్చుంటుంది.

పాత ఫోన్లు, 8:09
మా ఇంట్లో ఎనిమిది మంది. ఫోన్లన్నీ ఎవరివి వాళ్ళకి ఇచ్చేస్తాను. అట్టముక్కల మీద నంబర్లు గీసి తెస్తా, నొక్కడం దాని మీదే.

మైకు, 8:20
మా ఇంట్లో ఐదుగురు.

బడి టీచర్, బుధవారం రాత్రి 10:02
ఏడు ఇళ్ళయ్యాయి, 43 మందికీ చోటు దొరికింది. నిన్న మా ఇంట్లో నలుగురితో చేసి చూశాను, గమనించినవి రాస్తున్నాను, మీరూ అలాగే చెయ్యండి.
నిజమైన ఫోన్ మీద లాక్ స్క్రీన్, ఎమర్జెన్సీ, నంబర్ల పేజీ వరకే. అక్కడ ఆపి అట్టముక్క ఇవ్వండి. పక్క బటన్ ఐదుసార్లు నొక్కితే కాల్ వెళ్ళే ఫోన్లు ఉన్నాయి, ఆ సెట్టింగ్ ముందే చూసుకోండి. పొరపాటున కలిస్తే పెట్టేయకండి, పొరపాటున కలిసింది, ఇక్కడ అందరం బాగానే ఉన్నాం అని పెద్దవాళ్ళే చెప్పండి. పెట్టేస్తే ఏమైందోనని వాళ్ళు తిరిగి చేస్తారు, మనిషిని కూడా పంపొచ్చు.
ఆపరేటర్ అడుగుతూనే ఉంటే మా చిన్నది “త్వరగా రండి” అని ఏడుపు మొదలుపెట్టింది. మనం ఇక్కడ మాట్లాడుతుండగానే అవతల అంబులెన్సును పంపిస్తుంటారు, ప్రశ్నల వల్ల ఆలస్యం అవ్వదు అని చెప్పాక ఊరుకుంది. ఇది పిల్లలకే కాదు, మా ఆయనకీ తెలీదు.
తాతయ్య పేరేంటి అంటే నలుగురూ “తాతయ్య” అనే అన్నారు. అమ్మ పేరు అడిగితే ఒకడు “అమ్మ” అన్నాడు. పేరు, వయసు, షుగర్ ఉందా బీపీ ఉందా, ఇవి ఫ్రిజ్ మీద ఇంగ్లీషులో రాసి అంటించండి. మంటలైతే మాత్రం ఫోన్ కోసం వెతక్కుండా ముందు బయటికి రావాలి, పక్కింటి నుంచి చెయ్యొచ్చు.
అన్నిటికన్నా నేను ఊహించనిది, మా మామగారి ఫోన్ తెలుగులో ఉంది. ఆ బటన్ మీద మాట కూడా తెలుగే. బడిలో ఇంకా గుణింతాల దగ్గరే ఉన్న పిల్లలు అది చదవలేకపోయారు. మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళ ఫోన్లు ఇప్పుడే తీసి చూడండి.

కార్యదర్శి, 10:30
మా అమ్మ ఫోన్ కూడా అంతే. ఇప్పుడే చూశాను. స్క్రీన్ మీద ఆ చోటు ఎక్కడుందో మా పాపకి వేలు పట్టుకుని చూపించాను.
లైబ్రరీకి థాంక్స్ చెప్పి రూమ్ వదిలేశాను. టీచరమ్మా, శనివారం మా ఇంట్లో ఆపరేటర్‌గా కూర్చోడానికి ఒకరు తక్కువయ్యారు, పిల్లలకి ముఖం తెలియని వాళ్ళయితే మంచిది. ఎవరైనా రాగలరా?

ఫ్లయర్లు, 10:34
నేనొస్తానన్నా. 9:30కి అక్కడుంటాను.