ఎడ్డీ యేట్స్ ఎవరు, హిల్డా ‘మ్యూరియల్’ ఎవరు? సాల్ఫర్డ్‌లో కేర్ వర్కర్‌గా కొత్తగా వచ్చినవాళ్ళకి

ప్రశ్న (సాల్ఫర్డ్)

అందరికీ నమస్కారమండి. ఇక్కడ ఒక కేర్ హోమ్‌లో కొత్తగా చేరాను. ఎనభై దాటిన పెద్దవాళ్ళు ఎడ్డీ యేట్స్ అనే పేరెత్తి నవ్వుకుంటుంటారు. జైలుకెళ్ళొచ్చాడు, ఇల్లూ వాకిలీ లేదు, అయినా బంగారంలాంటి మనిషి అంటారు. హిల్డా, స్టాన్, మ్యూరియల్ అని ఇంకొన్ని పేర్లు. కరోనేషన్ స్ట్రీట్ సీరియల్ అని తెలిసింది గానీ ఇప్పుడొచ్చే భాగాల్లో వీళ్ళెవరూ కనపడటం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి? ఏం మాట్లాడితే వాళ్ళకి బాగుంటుంది?

జవాబు (స్టాక్‌పోర్ట్)

చెల్లెమ్మా, ముందు 13వ నంబరు ఇంటి సంగతి తెలుసుకో. ఎడ్డీ కథంతా ఆ ఇంట్లోనే ఉంది.

కరోనేషన్ స్ట్రీట్ 1960 డిసెంబరు 9న మొదలైంది. రాసింది టోనీ వారెన్, తీసింది మాంచెస్టర్‌లోని గ్రనాడా అనే టీవీ సంస్థ. వెదర్‌ఫీల్డ్ అనే ఊరు కల్పితమే, కానీ నువ్వు ఇప్పుడున్న సాల్ఫర్డ్‌ని చూసే దాన్ని అల్లారు. అందుకే మీ పెద్దవాళ్ళకి అది సీరియల్‌లా కాదు, పక్కవీధిలా ఉంటుంది. 1964లో ఆ వీధిలో 13వ నంబరు ఇంటికి స్టాన్, హిల్డా ఆగ్డెన్ దంపతులు వచ్చారు. స్టాన్ కిటికీ అద్దాలు తుడిచేవాడు, పనికన్నా బీరు మీద ధ్యాస ఎక్కువ. హిల్డా రోవర్స్ రిటర్న్ అనే పబ్‌లో ఊడ్చి తుడిచేది. తలకి కర్లర్లు, పైన స్కార్ఫు, నోట్లో పాట.

ఇక ఎడ్డీ. జెఫ్రీ హ్యూస్ అనే నటుడు వేశాడు. 1974 చివర్లో లివర్‌పూల్ వాల్టన్ జైలు నుంచి వచ్చినవాడిగా వీధిలో అడుగుపెట్టాడు. మిన్నీ కాల్డ్‌వెల్ అనే ముసలావిడ ఇంటికి వచ్చాడు. ఆవిడ దగ్గర 1960ల్లో అద్దెకున్న జెడ్ స్టోన్ అనే అతనికి ఎడ్డీ జైలు స్నేహితుడు. అంటే తనకంటూ ఏ ఆధారమూ లేదు, స్నేహితుడి పాత చిరునామా పట్టుకుని వచ్చాడు. తర్వాత స్టాన్‌తో కలిసి కిటికీలు తుడవటం, చిల్లర బేరాలు, పని దొరికినప్పుడు పని, దొరకనప్పుడు హిల్డా వంటింటి చుట్టూ తిరగటం. చివరికి ఆగ్డెన్ల ఇంట్లోనే లాడ్జర్‌గా చేరాడు. చెత్తబండి మీద ఉద్యోగం సంపాదించాడు.

లాడ్జర్ అన్న మాట దగ్గర ఆగాలి. మనం పీజీ అనుకునేది కాదది. ఇంటివాళ్ళతోనే ఉంటాడు, వాళ్ళ బల్ల దగ్గరే తింటాడు, వారానికింత అని అద్దె ఇస్తాడు. హిల్డా అతన్ని తిట్టేది, తిట్టి మళ్ళీ వడ్డించేది. అతనూ ఎవరు ఏ సాయం అడిగినా కాదనేవాడు కాదు. చేసే తీరు మాత్రం ఎప్పుడూ ఎక్కడో ఒకచోట తేడా కొట్టేది.

మ్యూరియల్ మనిషి కాదు! ఇక్కడే కొత్తవాళ్ళు పొరపడతారు. మ్యూరియల్ ఆడవాళ్ళ పేరు కూడా కాబట్టి ‘హిల్డా చెల్లెలా?’ అని అడిగేస్తారు. 1976లో ఎడ్డీ ఆగ్డెన్ల ముందుగదికి వాల్‌పేపర్ అంటించే పని మీద వేసుకున్నాడు. కాగితం చాల్లేదు. ఒక గోడకి కొండల దృశ్యం ఉన్న పెద్ద బొమ్మకాగితం తెచ్చి అంటించేశాడు. అలాంటి గోడబొమ్మని ఇంగ్లీషులో మ్యూరల్ అంటారు. హిల్డా నోట్లో అది ‘మ్యూరియల్’ అయింది. ఎడ్డీ చేసిన ఆ అరకొర పనిని ఆవిడ జీవితమంతా గర్వంగా చూపించుకుంది. దాని మీద మూడు ఎగిరే బాతుల బొమ్మలు, వాటిలో ఒకటి ఎప్పుడూ వంకరే. ఎవరైనా గోడవైపు చూసి ‘ఆ బాతు సరిచెయ్యి’ అంటే అర్థం అదీ.

1981 నవంబరులో బ్రిటన్‌లో సీబీ రేడియో చట్టబద్ధమైంది. ఇంట్లో చిన్న రేడియో సెట్టు పెట్టుకుని, మారుపేరుతో, ఎవరో తెలియని వాళ్ళతో మాట్లాడటం ఊరూరా పిచ్చిలా పట్టింది. ఎడ్డీ ‘స్లిమ్ జిమ్’ అయ్యాడు, అంత లావు మనిషి. అటువైపు ‘స్టార్‌డస్ట్ లిల్’ అనే గొంతు. ఆమే పూలకొట్టులో పనిచేసే మారియన్ విల్లిస్. 1983లో పెళ్ళి చేసుకుని బరీ ఊరికి వెళ్ళిపోయారు. మీ దగ్గర్నుంచి ఉత్తరంగా చూస్తే దూరం కూడా కాదు, ట్రామ్ వెళ్తుంది. పెద్దవాళ్ళెవరైనా బరీ నుంచి వచ్చినవాళ్ళైతే ఈ ముక్క కదిపి చూడు.

జవాబు (బోల్టన్)

పై అక్క చెప్పింది అక్షరాలా నిజం. అనువాదం గురించి ఒక మాట. ఎడ్డీలాంటి మనిషిని మన ఇంట్లోవాళ్ళకి ఫోన్లో చెప్పాల్సి వస్తే తిరుగుబోతు అనకండి, అర్థం ఎటో పోతుంది. జులాయి అన్నా తప్పే, అందులో తిట్టుంది. దేశదిమ్మరి కొంత దగ్గర. ‘కాలు ఒకచోట నిలవని మంచివాడు’ అంటే సరిగ్గా అతుకుతుంది.

మాటలు చెవిన పడేలా కొన్ని. పేరు ముందు ‘అవర్’ అంటే మన ‘మా’ లాంటిదే. ‘అవర్ ట్రెవర్’ అంటే హిల్డా కొడుకు, మా ట్రెవర్. ‘చక్’ అంటే అమ్మడూ, నాన్నా అన్నట్టు ముద్దు. ‘తరా’ అంటే వెళ్ళొస్తా. ఈ రెండూ కలిపి ‘తరా చక్’ అన్నారంటే నువ్వు వాళ్ళ మనిషివైపోయినట్టే. ‘ఇన్‌సైడ్’ అంటే లోపల అని కాదు, జైల్లో. ‘లారీ వెనకనుంచి జారిపడింది’ అంటే దొంగసరుకు. ఎడ్డీ తెచ్చే వస్తువుల్లో సగం అవే. నీ కొత్త బూట్లు చూసి ఆ మాటంటే అనుమానం కాదు, హాస్యం. నవ్వేయి, లేదంటే ‘ఎడ్డీ అమ్మాడు’ అని చెప్పు. ‘స్కౌజర్’ అంటే లివర్‌పూల్ మనిషి. మాంచెస్టర్‌కీ లివర్‌పూల్‌కీ ఫుట్‌బాల్ దగ్గర్నుంచి అన్నిట్లోనూ పోటీ. అలాంటి చోట లివర్‌పూల్ జైలు పక్షిని సాల్ఫర్డ్ జనం నెత్తిన పెట్టుకున్నారంటే ఆ పాత్ర ఎంత పట్టుకుందో చూడు.

‘టీ’ అంటే సాయంత్రం అయిదింటి భోజనం, ‘డిన్నర్’ అంటే మధ్యాహ్నం తిండి. తాగే టీకి ‘బ్రూ’. ఎడ్డీ టీకి వస్తున్నాడా అని అడిగితే కప్పు పట్టుకెళ్ళకు, తిండి గురించి అడుగుతున్నారు. ‘నౌట్’ ఏమీ లేదు, ‘ఔట్’ ఏమైనా, ‘సమ్మట్’ ఏదో ఒకటి. ‘డోంట్ మైదర్ మీ’ అంటే విసిగించకు. సీరియల్‌తో సంబంధం లేకపోయినా ఇంకో రెండు చెప్తున్నా, డ్యూటీలో తప్పనిసరి. ‘స్పెండ్ ఎ పెన్నీ’ అంటే బాత్రూంకి వెళ్ళాలి. ‘నెష్’ అంటే చలికి తట్టుకోలేని మనిషి. ఆ రెండూ వినపడితే వెంటనే కదలాలి.

జవాబు (లీడ్స్)

చూడటం గురించి. ఇప్పటి భాగాలు 2026 జనవరి నుంచి సోమవారం నుంచి శుక్రవారం దాకా రాత్రి 8:30కి, అరగంట, ఐటీవీ1లో. దానిముందు 8 గంటలకి ఎమ్మర్‌డేల్ అనే ఇంకో సీరియల్. ఎడ్డీ కాలంలో మాత్రం సోమ, బుధవారాలు రాత్రి 7:30కే వచ్చేది. ఈ తేడా పనికొస్తుంది: ఏడున్నర అవుతుంటే కొందరు టీవీ పెట్టమని తొందరపడతారు. అది మతిమరుపు కాదు, 20 ఏళ్ళ అలవాటు.

ఎడ్డీ కావాలంటే ఇప్పటి భాగాల్లో వెతికితే దొరకడు. ఐటీవీ3లో, అంటే ఫ్రీవ్యూ అనే ఉచిత టీవీ సేవలో 10వ నంబరులో, వారపు రోజుల్లో పాత భాగాలు వేస్తారు. ఆ వరస 2017లో 1986 నాటి భాగాలతో మొదలైంది. ఎడ్డీ 1983లోనే వెళ్ళిపోయాడు కాబట్టి రోజూ అది పెట్టుకుని ఎదురుచూస్తే లాభం లేదు. 1970ల నుంచి ఎంపిక చేసిన భాగాల డీవీడీలు చారిటీ షాపుల్లో, లైబ్రరీల్లో అడుగు. ఒక చిక్కుంది. డీవీడీలకి దేశాన్ని బట్టి ‘రీజియన్’ అనే నంబరు ఉంటుంది: ఇక్కడివి రీజియన్ 2, మన దేశంవి రీజియన్ 5. ఇండియా నుంచి తెచ్చిన ల్యాప్‌టాప్ డ్రైవ్ రీజియన్ మార్చమని అడుగుతుంది. అలా సాధారణంగా 5 సార్లే మార్చనిస్తుంది, ఆ తర్వాత చివరి దానికే బిగుసుకుపోతుంది. హోమ్‌లోని ప్లేయర్‌లోనే వేయి.

మొదట్లో సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూడు. ఉత్తరాది యాస నాలుగు వారాల్లో చెవికెక్కుతుంది.

లైసెన్సు గురించి తమాషాగా తీసుకోవద్దు. ఏ చానెల్‌నైనా ప్రసారమయ్యే సమయంలోనే చూస్తే, ఫోన్లో చూసినా సరే, టీవీ లైసెన్సు ఉండాలి. బీబీసీ ఐప్లేయర్‌లో ఏది చూసినా ఉండాలి. ఐటీవీ వాళ్ళ ఆన్‌లైన్ సేవ ఐటీవీఎక్స్‌లో తర్వాత తీరిగ్గా చూసుకునేవాటికి అక్కర్లేదు. కాబట్టి డబ్బు చూసుకునేవాళ్ళు కరోనేషన్ స్ట్రీట్‌ని ఐటీవీఎక్స్‌లో తర్వాత చూస్తే సరిపోతుంది. ‘లైవ్’ బటన్ నొక్కకూడదు, అంతే. 2025 ఏప్రిల్‌లో ఏడాదికి 174.50 పౌండ్లు ఉండేది. ఏప్రిల్‌లో మారుతుంటుంది, కట్టేముందు చూసుకో. నెలనెలా డైరెక్ట్ డెబిట్ పెట్టుకుంటే మొదటి ఏడాది మొత్తం 6 నెలల్లోనే లాగేస్తారు, తర్వాతే 12 నెలలకి సర్దుకుంటుంది. ఇది తెలియక మొదటి జీతంలో చాలామందికి లెక్క తప్పుతుంది. అందరూ ఒకే అద్దె ఒప్పందం మీద ఉంటే ఇంటికంతటికీ ఒక్కటి చాలు. ఎవరి గది ఒప్పందం వాళ్ళదైతే ఎవరిది వాళ్ళకి. లైసెన్సు లేకుండా పట్టుబడితే జరిమానా 1,000 పౌండ్ల దాకా ఉంటుంది.

మళ్ళీ అడిగింది (సాల్ఫర్డ్)

ఇంత వివరంగా చెప్పినందుకు చాలా కృతజ్ఞతలండి. ఇంకో రెండు సందేహాలు. డిమెన్షియా ఉన్న ఒక పెద్దావిడ ‘ఎడ్డీ ఈ రాత్రి వస్తాడా?’ అని నిజంగానే అడుగుతున్నారు. ఏమనాలి? ఇంకొకటి, తోటి కేరర్ ఒకమ్మాయి ‘ఆ దేశదిమ్మరి నిజానికి పోలీసు కదా’ అంటోంది. ఎడ్డీ పోలీసా?

జవాబు (వారింగ్టన్)

డిమెన్షియా విషయం ముందు. ‘అది సీరియల్, ఆయన చనిపోయాడు’ అనొద్దు. స్టాన్ 1984లో చనిపోయాడు, ఎడ్డీ వేసిన జెఫ్రీ హ్యూస్ 2012లో పోయాడు. నీకవి సమాచారం. ఆవిడకి అప్పుడే విన్న చావుకబురు. రేపు మళ్ళీ అడుగుతుంది, మళ్ళీ కొత్తగా ఏడుస్తుంది. అలాగని ‘వస్తాడు, ఎనిమిదింటికి’ అని అబద్ధపు సమయం చెప్పినా తప్పే, తలుపు దగ్గర కూర్చుంటుంది. ప్రశ్నని ఎడ్డీ మీదికి తిప్పు: ‘ఎడ్డీ వస్తే ఏం పెడదాం?’ ‘వాడికి తిండి ఇష్టం కదా?’ ‘గుర్తుందా?’ అనే మాట మాత్రం రానీయకు, అది పరీక్ష పెట్టినట్టు ఉంటుంది. నువ్వే ఒక ముక్క చెప్పి వదిలెయ్యి: ‘ఎడ్డీ ఆ గోడకాగితం అంటించాడే...’ మిగతాది ఆవిడ పూర్తి చేస్తుంది, చెయ్యకపోయినా నవ్వుతుంది.

ఒక్కోసారి ‘ఎడ్డీ’ అంటే సీరియల్ ఎడ్డీ కాకపోవచ్చు. సొంత తమ్ముడో, భర్తో ఆ పేరువాడై ఉంటాడు. ఊహించుకోకముందే కుటుంబాన్ని అడుగు. ఆల్జైమర్స్ సొసైటీ వాళ్ళ ‘దిస్ ఈజ్ మీ’ అనే చిన్న పుస్తకం హోమ్‌లో ఉంటుంది, అందులో చూడు. లేకపోతే సీనియర్‌కి చెప్పి పెట్టించు. పనిచేసిన మాటలు కేర్ ప్లాన్‌లో రాయించు: ‘హిల్డా, ఎడ్డీ, మ్యూరియల్ గురించి మాట్లాడితే స్థిమితపడతారు’ అని. రాత్రి షిఫ్టు వాళ్ళకి అదే పెద్ద ఆసరా. పాత భాగం వేస్తే 10 నిమిషాలు చాలు, కిటికీ వెలుతురు తెరమీద పడకుండా. స్టాన్ పోయాక హిల్డా అతని కళ్ళజోడు పెట్టె తెరిచి ఏడ్చే భాగం మాత్రం భర్త పోయినవాళ్ళ ముందు అడగకుండా వెయ్యకు. 1987 క్రిస్మస్ రోజు హిల్డా వీధి వదిలి వెళ్ళే భాగం కూడా అంతే. దాన్ని రెండున్నర కోట్ల పైన జనం చూశారు, చాలామందికి అది ఇంట్లో మనిషి వెళ్ళిపోయినట్టే.

ఇక్కడ రాసేటప్పుడు ఆ పెద్దావిడ పేరు, హోమ్ పేరు రాయలేదు, మంచి పని చేశావు. అలాగే ఉండనివ్వు.

జవాబు (స్టాక్‌పోర్ట్)

పోలీసు సంగతి నేను చెప్తా. ఆ అమ్మాయి చెప్తున్నది అదే సీరియల్‌లో స్పైడర్ నూజెంట్ అనే ఇంకో పాత్ర గురించి, ఎడ్డీ గురించి కాదు. అసలు పేరు జెఫ్రీ, ఆ వీధిలోని ఎమిలీ బిషప్ అనే ఆవిడకి మేనల్లుడు వరస, వేసింది మార్టిన్ హాన్‌కాక్. 1997లో వచ్చాడు. రెడ్ రెక్ అనే ఆటస్థలంలో కట్టడాలు రాకుండా అడ్డుపడిన పర్యావరణ కార్యకర్త. మాంసం ముట్టడు, డబ్బు మీద ఆశ లేదు. టోయా బాటర్స్‌బీ అనే అమ్మాయితో ప్రేమ. 2016లో ఎమిలీ వీధి వదిలి పెరూకి వెళ్ళింది కూడా అతని దగ్గరికే. 2022లో తిరిగొచ్చాడు, అప్పుడే అతను రహస్య పోలీసని తేలింది. చాలామంది పాత అభిమానులకి అది నచ్చలేదు, న్యాయంగానే. అలాంటి మనిషి లోపల ఇంకొకడు ఉన్నాడంటే 1997 నుంచి నమ్మినదంతా ఏమైనట్టు?

ఎడ్డీలో ఆ మెలిక లేదు. దొంగతనం దాచలేదు, మంచితనమూ దాచలేదు. అందుకే వయసుని బట్టి పేరు ఎంచుకో: ఎనభై దాటినవాళ్ళ దగ్గర ఎడ్డీ, తొంభై దాటినవాళ్ళ దగ్గర జెడ్ స్టోన్ కూడా, నలభైల్లో ఉన్న తోటి ఉద్యోగుల దగ్గర స్పైడర్. జెడ్‌ని మిన్నీ ‘సన్నీ జిమ్’ అని పిలిచేది, ఎడ్డీ మారుపేరు ‘స్లిమ్ జిమ్’. ఈ రెండు జిమ్‌లనీ కలిపేయకు, వెంటనే సరిదిద్దుతారు.

ఎవరైనా ‘ఆన్‌స్లో’ అంటే కంగారుపడకు. అదే జెఫ్రీ హ్యూస్ 1990ల్లో బీబీసీ హాస్య సీరియల్‌లో వేసిన పాత్ర, బనియన్ వేసుకుని బీరు తాగే బావగారు. ముఖం అదే, ఇల్లు వేరు. అప్పుడు ‘13వ నంబరులో ఉన్నప్పుడు ఇంకా బాగుండేవాడు’ అను, మాట మళ్ళీ హిల్డా దగ్గరికి వచ్చేస్తుంది.