గిఫ్టు కాగితం ఇంట్లో చేసుకుంటే నిజంగా డబ్బు మిగులుతుందా?

కొత్తగడప: గృహప్రవేశానికి 60 రిటర్న్ గిఫ్టులు చుట్టాలి. అన్నీ 12×12×8 సెం.మీ. అట్టపెట్టెలే. మా దగ్గర షాపు షీటు (50×70 సెం.మీ.) 15 రూపాయలు. ఖాకీ కాగితం మీద ఇంట్లోనే అచ్చులు వేసుకుంటే చవకని కొందరు, దండగమారి పని అని కొందరు అంటున్నారు. మీరేమంటారు?

బెండకాయ అచ్చు: చవకే అండి. బడి పుస్తకాల అట్టలకు కొన్న ఖాకీ రోలు చాలా ఇళ్లలో సగం మిగిలే ఉంటుంది. బెండకాయను తొడిమ దగ్గర అడ్డంగా కోస్తే పువ్వు అచ్చు సిద్ధం. కోసిన వెంటనే ముంచకండి, జిగురుకి రంగు జారిపోయి మరకలా పడుతుంది. గుడ్డతో రెండుసార్లు అద్ది, పది నిమిషాలు ఆరనివ్వండి. బంగాళదుంపకీ అంతే, దాని నీరు రంగును పలచన చేస్తుంది. పోస్టర్ కలర్ వద్దు. మందంగా పడితే మడత దగ్గర పెచ్చులూడుతుంది, తడి చెయ్యి తగిలితే అంటుకుంటుంది. యాక్రిలిక్ రంగును స్పాంజి ముక్క మీద పోసి, అచ్చును దాని మీద అద్ది వేయండి.

కత్తెర: ఒకటి రెండు గిఫ్టులకైతే సరదాగా బాగుంటుంది. 60కి? ముక్కలన్నీ ఆరబెట్టడానికి హాలంతా కావాలి, ఇంట్లో ఎవరూ నడవకూడదు. పైగా రంగు సీసాల ఖర్చు లెక్కలోకి రాలేదు. డబ్బు పోయేది కాగితం ధర దగ్గర కాదు, కోత దగ్గర.

పెట్టె చుట్టుకొలత 2×(12+8) = 40. అంచు మీద అంచు పడటానికి 2 కలిపితే 42. ఇక రెండో వైపు: పెట్టె పొడవు 12, రెండు చివర్లా ఎత్తులో ముప్పావు వంతు, అంటే 6 చొప్పున. మొత్తం 24. కావలసిన ముక్క 42×24. షీటులో 50 వైపున రెండు ముక్కలు పక్కపక్కనే పెట్టండి, 48 పోతుంది. 70 వైపున 42 పోగా మిగిలిన 28×50 పట్టీలో మూడో ముక్కను అడ్డంగా తిప్పి పెట్టండి. షీటుకు 3, మొత్తం 20 షీట్లు, 300 రూపాయలు. కొలవకుండా "ఇంకాస్త ఉండనీ" అని కోసేవాళ్లకు షీటుకు రెండే వస్తాయి. అప్పుడు 30 షీట్లు, 450. చివర్లు ఎక్కువ వదిలితే ఇంకో నష్టం కూడా ఉంది: మడతలు ఒకదాని మీద ఒకటి పడి పెట్టె కొసలు ఉబ్బుతాయి.

బెండకాయ అచ్చు: ఆ లెక్క ఖాకీకీ పనికొస్తుంది కదండీ!

కత్తెర: పనికొస్తుంది. అచ్చులు మానేసి పురికొస కట్టేయండి, నేనూ ఒప్పుకుంటాను.

పాత క్యాలెండర్: అసలు కొనడమెందుకు? గోడ క్యాలెండర్ షీట్లు దిట్టంగా ఉంటాయి. దేవుడి బొమ్మ ఉన్నవి పక్కన పెట్టండి, చింపి చెత్తలో వేయడానికి పుచ్చుకున్నవాళ్లకు చేతులు రావు. మిగతావాటిని తెల్ల వైపు పైకి తిప్పి వాడొచ్చు. నున్నటి కాగితం మడిస్తే పగులుతుంది, అందుకని ఇంకు అయిపోయిన బాల్‌పెన్నుతో స్కేలు పట్టుకుని ముందు గీత నొక్కి, ఆ గీత మీద మడవాలి. న్యూస్‌పేపర్ మాత్రం వద్దు. దాని ఇంకు పూర్తిగా ఆరదు, లోపల తెల్ల బట్ట ఉంటే అంటుతుంది.

కొత్తగడప: చీర పెట్టెలు కూడా రెండున్నాయి, 40×30×5. వాటికి షీటు చాలడం లేదు, రెండేసి వాడాలా?

కత్తెర: అక్కర్లేదు. చుట్టుకొలత 70, షీటూ 70. అంచులు సరిగ్గా కలుస్తాయి గానీ ఒకదాని మీద ఒకటి పడవు, లోటు అంతే. ఆ అతుకు పెట్టె అడుగున వచ్చేలా చూసుకుని, కింద 5 సెం.మీ. పట్టీ పెట్టి రెండు అంచులూ దానికి అంటించండి. డబుల్ సైడ్ టేపైతే పైకి కనిపించదు.

ముడి విద్య: చీర పెట్టెకు కాదు గానీ మామూలు గిఫ్టుకైతే బీరువాలో మూలుగుతున్న జాకెట్టు ముక్కలున్నాయి. జపాన్ వాళ్లు ఫురోషికి అని చదరపు గుడ్డతో కట్టేది ఇలాగే. 80 సెం.మీ. చదరం మూల నుంచి మూలకు 113 వస్తుంది. 30×20×10 పెట్టెకు పొడవు వైపు 30 + రెండు పక్కల ఎత్తు 20 = 50 పోతే, పెట్టె పైభాగం మీదికి, ముడికి కలిపి ఒక్కో కొసకు 31 సెం.మీ. మిగులుతుంది. నూలు అయితే ముడి నిలుస్తుంది, పాలిస్టర్ జారిపోతుంది.

కత్తెర: మగవాళ్లకిచ్చే గిఫ్టును జాకెట్టు ముక్కలో కడితే ఏం బాగుంటుందండీ?

ముడి విద్య: వాళ్లకి నూలు తువ్వాలు. కొంటే కాగితం కంటే ఖరీదే, కాదనను. కానీ అది చెత్తబుట్టలోకి పోదు. కొత్తగడప గారికి మాత్రం ఇది పనికిరాదు, 60 గుడ్డలు ఎక్కడ తెస్తారు? 20 షీట్లు తెచ్చుకుని, ముందు ఒక్క ముక్క కోసి పెట్టెకు చుట్టి చూసుకోండి. సరిపోతే దాన్నే కొలతగా పెట్టి మిగతావన్నీ ఐదేసి షీట్లు కలిపి కోయండి. అంతకంటే ఎక్కువ పెడితే కత్తెర కింద అడుగు షీట్లు జరిగి అంచులు వంకర పోతాయి.