ఫ్యాన్సీ అంగట్లో తెల్లబడే క్రీములు, కోన్లు, సుర్మా: ఏవి అమ్మొచ్చు, ఏవి వద్దు?

కావలి_లేడీస్‌కార్నర్:

అందరికీ నమస్కారం. కావలిలో నేను, మా ఆడబిడ్డ కలిసి చిన్న ఫ్యాన్సీ అంగడి చూసుకుంటాం. సరుకు ఎక్కువగా నెల్లూరు చిన్నబజారు నుంచి వస్తుంది, మిగతాది లైన్ మీద తిరిగే ఏజెంట్లు తెచ్చి వేస్తారు. ఈ మధ్య బిల్లు లేకుండా వైట్నింగ్ క్రీము డబ్బాలు తెస్తున్నారు. పైన ఏ భాషో కూడా తెలియదు. గల్ఫ్ నుంచి వచ్చినోళ్ల దగ్గర చూసి, "వారానికే తెల్లబడతారంట, అదే కావాలి" అని అడిగి మరీ కొంటున్నారు. ఇంకో పక్క కాలేజీ పిల్లలేమో పారాబెన్ ఉందని పేరున్న కంపెనీ షాంపూలు వెనక్కి పెట్టేస్తున్నారు.

డబ్బా మీద ఏం చూసి నమ్మాలి? వెనక మందుల పేర్లే లేని చిన్న డబ్బీల సంగతేంది? గంటలో నల్లగా పండే గోరింటాకు కోన్లు, రొట్టెల పండక్కి బాగా పోయే, కళ్లకు పెట్టుకునే సుర్మా అమ్మొచ్చా? ఇంట్లో చేసుకోగలిగే పరీక్ష ఏదన్నా ఉంటే అదీ చెప్పండి.

ఒంగోలు_ఫార్మసిస్ట్:

అక్కా, వెనక పేర్లు వెతకడం తర్వాత. ముఖాన్నీ కిడ్నీనీ పాడుచేసే సరుకు తన పేరు తాను రాసుకోదు. పాదరసం కలిపినవాడు పాదరసం అని అచ్చేయడు.

కాస్మెటిక్స్ రూల్స్ 2020 ప్రకారం మన దేశంలో తయారైన సరుకు మీద తయారీదారు పేరు, అడ్రసు, బ్యాచ్ నంబరు, తయారీ లైసెన్సు నంబరు, గడువు తేదీ ఉండాలి. బయటి దేశానిదైతే దిగుమతి చేసుకున్నవాళ్ల పేరు, అడ్రసు, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ నంబరు ఉండాలి. సూట్‌కేసులో వచ్చిన డబ్బా మీద ఇవి ఉండవు. అక్కడితో ఆపేయొచ్చు, లోపల ఏముందో మీరు తేల్చాల్సిన పనిలేదు.

చిన్న డబ్బీల గురించి అడిగారు. క్రీములాంటివి 30 గ్రాములలోపు, ద్రవాలు 60 మిల్లీలీటర్లలోపు ఉంటే దినుసుల పట్టీ వేయకపోయినా చట్టం ఒప్పుకుంటుంది. కాబట్టి కాటుక డబ్బీ మీద పట్టీ లేదని దాన్ని దొంగ సరుకు అనుకోవద్దు. లైసెన్సు నంబరు లేకపోతే మాత్రం అనుకోండి.

ఇక పాదరసం. చర్మంలో రంగు తయారుచేసే టైరోసినేజ్ అనే ఎంజైమును అది అడ్డుకుంటుంది, తెల్లబడేది అందుకే. రాసింది చర్మం మీదే ఉండిపోదు, రక్తంలోకి పోయి కిడ్నీలో చేరుతుంది. కేరళలో కొట్టక్కల్ డాక్టర్లు 2021 జులై నుంచి 2023 సెప్టెంబరు దాకా మెంబ్రేనస్ నెఫ్రోపతీ అనే కిడ్నీ జబ్బుతో వచ్చిన 22 మందిని పరీక్షించారు. వాళ్లలో 15 మందిది నెల్-1 అనే అరుదైన రకం. ఆ 15 మందిలో 13 మంది తెల్లబడే క్రీములు వాడినవాళ్లే. మన దగ్గర క్రీముల్లో పాదరసం కావాలని కలపకూడదు. పొరపాటున చేరినా 1 పీపీఎం, అంటే కిలోకి ఒక మిల్లీగ్రాము దాటకూడదు.

ఒకవేళ పేరు రాసి ఉంటే కాలమెల్, మెర్క్యురస్ క్లోరైడ్, అమోనియేటెడ్ మెర్క్యురీ, మెర్క్యురిక్ అయొడైడ్ అని ఉంటుంది. "బంగారు, వెండి నగలకు తగలనీయకండి" అనే హెచ్చరిక ఉన్నా అనుమానించండి, పాదరసం నగలకు పడదు. అట్టాగని ఉంగరం మీద రుద్ది చూసే పరీక్షను నమ్మొద్దు. రంగు మారినా, మారకపోయినా దాంతో ఏదీ తేలదు. రంగు, వాసన చూసీ చెప్పలేం. ల్యాబ్ ఒక్కటే దారి.

ఇప్పటికే వాడుతున్న ఖాతాదారులకు ఒక్క మాట చెప్పండి. మూత్రంలో నురగ పోకుండా నిలుస్తున్నా, పొద్దున్నే కళ్ల కింద, సాయంత్రానికి కాళ్లకు వాపు వస్తున్నా, యూరిన్ ప్రోటీన్ పరీక్ష చేయించుకుని ఆ డబ్బాతో సహా డాక్టరు దగ్గరికి పోవాలి. యూరిన్ మెర్క్యురీ పరీక్ష డాక్టరు రాస్తారు. ఒకే తువ్వాలు, ఒకే దిండు వాడే ఇంట్లో క్రీము రాయని పిల్లలకూ పాదరసం చేరుతుంది. వాళ్లనూ చూపించాలి.

చర్మం_సంగతులు_నెల్లూరు:

ఫార్మసిస్ట్ గారు చెప్పినదానికి స్టెరాయిడ్ కలుపుతాను. ఇది విదేశీ డబ్బాల్లోనే ఉంటుందనుకోవద్దు. పక్క మెడికల్ షాపు ట్యూబులోనూ ఉంటుంది. బెటామెథాసోన్, క్లోబెటసాల్, మొమెటాసోన్, ఫ్లూసినోలోన్ అనే పేర్లు గుర్తుపెట్టుకోండి. మంగు మచ్చలకు డాక్టర్లు కొన్ని వారాలకని రాసే మూడు మందుల క్రీము ఒకటుంది: హైడ్రోక్వినోన్ 2 శాతం, ట్రెటినోయిన్ 0.025 శాతం, మొమెటాసోన్ 0.1 శాతం. దాన్నే ఫెయిర్‌నెస్ క్రీము అనుకుని ఏళ్ల తరబడి రాసేవాళ్లున్నారు. 2018 మార్చిలో కేంద్రం 14 రకాల పైపూత స్టెరాయిడ్లను షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. ట్యూబు మీద ఎడమ పక్క నిలువు ఎర్రగీత, ఆర్ఎక్స్ గుర్తు ఉంటే అది మందు. మందుల లైసెన్సు లేని ఫ్యాన్సీ అంగట్లో దానికి చోటు లేదు.

వారంలో తెలుపు ఎట్టా వస్తుందంటే, స్టెరాయిడ్ చర్మంలోని సన్న రక్తనాళాలను కుంచింపజేస్తుంది, ముఖం పాలిపోయి తెల్లగా కనబడుతుంది. నెలలు గడిచేసరికి చర్మం పలచబడి బుగ్గల మీద ఎర్రటి సన్న గీతలు, మొటిమలు, ముఖాన వెంట్రుకలు మొదలవుతాయి. ఎండలోకి పోతే మంట. అప్పుడు ఆపితే కొద్దిరోజుల్లోనే ముఖమంతా ఎర్రబడి వాస్తుంది. "క్రీము మానేస్తే పడలేదు" అనుకుని మళ్లీ రాస్తారు, రెండు రోజుల్లో తగ్గుతుంది. చాలామంది ఇరుక్కునేది ఇక్కడే. ఆ మంట క్రీము మానినందుకు కాదు, ఇన్నాళ్లు రాసినందుకు.

అట్టాంటి వాళ్లు మళ్లీ ఆ ట్యూబు ముట్టుకోకుండా చర్మవ్యాధుల డాక్టరును కలవాలి. ఎక్కువకాలం వాడిన వాళ్లకు వేరే మందులతో మెల్లగా మాన్పిస్తారు. ఈలోగా బ్లీచ్, ఫేషియల్, స్క్రబ్, నిమ్మరసం, శనగపిండి ఏదీ వద్దు. వాసన లేని మాయిశ్చరైజరు లేదా వాజిలైన్, పగటిపూట ఎస్పీఎఫ్ 30 సన్‌స్క్రీన్ చాలు. చూపుడువేలు, నడిమి వేలు పొడవునా పిండినంత సన్‌స్క్రీన్ ముఖానికీ మెడకూ కావాలి. బఠాణీ గింజంత రాస్తే డబ్బా మీద రాసినంత రక్షణ రాదు. కోలుకోవడానికి నెలలు పడుతుంది.

ఇంకోటి. మన కోస్తా చెమటకు తామర ఎక్కువ. స్టెరాయిడ్ కలిసిన క్రీము రాస్తే తామర దురద తగ్గినట్టే ఉండి లోపల్లోపల పాకుతుంది, గుండ్రని అంచు చెరిగిపోయి డాక్టరుకూ వెంటనే పోల్చుకోవడం కష్టమవుతుంది. మందు వికటిస్తే 1800-180-3024కు చెప్పొచ్చు, అది కేంద్ర ప్రభుత్వ ఫార్మకోవిజిలెన్స్ హెల్ప్‌లైన్.

దర్గామిట్ట_బ్యూటీషియన్:

కోన్ల సంగతి నేను చెప్తా. గోరింటాకు రంగు లాసోన్ అనే పదార్థం వల్ల వస్తుంది. పచ్చిగా నారింజ రంగులో పడి, 24 నుంచి 48 గంటల్లో ముదిరి ఎర్రగా, గోధుమ రంగుగా పండుతుంది. ఆకు ఒక్కదానితో కాటుక నలుపు రాదు. గంటలో నల్లగా పడిందంటే అందులో ఎక్కువగా జుట్టు రంగులో వేసే పీపీడీ, అంటే పారా ఫినైలిన్ డయామిన్ ఉంటుంది. "ఎమర్జెన్సీ" కోన్లు అని వచ్చేవాటిల్లో సోడియం పిక్రమేట్ అనే ఎర్ర రంగు కూడా దొరికింది. ఆకుపొడి కలిపి చుట్టిన కోను ఫ్రిజ్‌లో పెట్టకపోతే నాలుగైదు రోజులకే పండే గుణం పోతుంది. అంగట్లో ఏడాది పాటు వేలాడుతూ కూడా పండే కోను ఉత్త ఆకు కాదని దాన్నిబట్టే తెలుసుకోండి.

పీపీడీతో మొదటిసారి ఏమీ కాకపోవచ్చు, వారం, పది రోజులకు డిజైను గీతల వెంబడే బొబ్బలు లేవొచ్చు. ఒకసారి ఒళ్లు దానికి ఎదురుతిరిగిందంటే ఆ అలర్జీ జన్మంతా ఉంటుంది. పదేళ్ల పిల్లకు పెళ్లిలో పెట్టిన నల్లకోను, ఆ పిల్ల నలభై ఏళ్లకు తలకు రంగు వేసుకున్న రోజున కళ్లు మూసుకుపోయేంత వాపు తేవొచ్చు. కాబట్టి నల్లకోన్లు తీసేయండక్కా, పిల్లలకు అసలే వద్దు.

తలరంగు అమ్మొచ్చు. యూరప్‌లో కలిపిన తర్వాత తలకు పట్టే ముద్దలో పీపీడీ 2 శాతం దాటకూడదు, చర్మం మీద బొమ్మలకు అసలు అనుమతే లేదు. "హెన్నా" అని పెద్దక్షరాల్లో రాసిన నల్ల పొడి ప్యాకెట్ల వెనక కూడా పీపీడీ పేరు ఉంటుంది, చూడండి. పరీక్ష ఇట్టా చేయమనండి: చెవి వెనక గానీ ముంజేతి లోపలి వైపు గానీ సబ్బుతో కడిగి, వాడబోయే తీరులోనే కలిపిన రంగు కొంచెం రాసి ఆరనివ్వాలి. 24 గంటలకు కడిగి చూడాలి. లేబుల్ అంతవరకే చెప్తుంది, ఈ అలర్జీ నిదానంగా బయటపడుతుంది కాబట్టి ఇంకో రోజు ఆగితే మేలు. పది నిమిషాలకే తుడిచేసి "నాకు పడింది" అంటారు, అది పరీక్ష కాదు. వేసుకునే ప్రతిసారీ చేయాలి. కనుబొమలకు, రెప్పలకు వేయకూడదు, చూపు పోయే ప్రమాదం ఉందని లేబుల్ మీదే రాసి ఉంటుంది.

పార్లర్ వాళ్లకు జుట్టు సాపుచేసే కెరాటిన్ సరుకు ఇస్తుంటే మిథిలీన్ గ్లైకాల్ పేరు చూడండి. ఇస్త్రీ వేడి తగలగానే ఫార్మాల్డిహైడ్ ఆవిరి వస్తుంది, ఏసీ కోసం తలుపులేసుకున్న గదిలో అది చేసే మనిషి రోజంతా పీలుస్తుంది. ఫార్మాల్డిహైడ్ లేదని చెప్పే రకాల్లో గ్లయాక్సిలిక్ యాసిడ్ వేస్తున్నారు. దాని తర్వాత కిడ్నీ దెబ్బతిన్న కేసులు డాక్టర్లు రాశారు.

చీమకుర్తి_కెమిస్ట్రీ:

పారాబెన్ విషయంలో కాలేజీ పిల్లలకు నచ్చజెప్పండి. అది నీళ్లున్న షాంపూలో, క్రీములో బూజు, బ్యాక్టీరియా పెరగకుండా వేసేది. యూరప్ 2014లో ఐసోప్రొపైల్, ఐసోబ్యూటైల్ లాంటి ఐదు రకాలను నిషేధించింది. మిథైల్, ఇథైల్ రకాలను ఒక్కోటి 0.4 శాతం దాకా ఇప్పటికీ ఒప్పుకుంటుంది. పారాబెన్ తీసేసిన చోట కొన్ని కంపెనీలు మిథైల్ ఐసోథయాజొలినోన్ వేశాయి. దానితో దద్దుర్లు ఎంత పెరిగాయంటే, ఒంటి మీద ఉంచుకునే క్రీముల్లో యూరప్ దాన్ని పూర్తిగా ఆపేసింది. "పారాబెన్ ఫ్రీ" అని ఉంటే దాని బదులు ఏం వేశారో చూడాలి. షాంపూ గురించి ఇంత భయపడే పిల్లలు, లేబులే లేని తెల్లబడే క్రీము గురించి అంతకు పదింతలు భయపడాలి.

సుర్మా సంగతి. పాతరకం సుర్మా రాయి గెలీనా, అంటే లెడ్ సల్ఫైడ్. బరువులో 86 శాతం పైగా సీసమే. మన దేశంలో కాస్మెటిక్ రంగుల్లో సీసం 20 పీపీఎం, ఆర్సెనిక్ 2 పీపీఎం దాటకూడదు. పసిపిల్లలు కళ్లు నులుముకుని ఆ చేతులే నోట్లో పెట్టుకుంటారు. సీసం వాళ్ల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది, ఇంతవరకైతే ఫరవాలేదు అనే మోతాదు లేదు. రొట్టెల పండగ అంగళ్లలో దొరికే విడి సుర్మా పొడి లైసెన్సు నంబరు లేకుండా కొనొద్దు, అమ్మొద్దు. ఇంట్లో ఆముదం దీపానికి పట్టిన కాటుకలో సీసం ఉండకపోయినా, వేలితో కంట్లో పెడితే ఇన్ఫెక్షన్ తెస్తుంది. బిడ్డకు దిష్టిచుక్క అరికాలిలో పెట్టండి.

కావలి_లేడీస్‌కార్నర్:

అందరికీ శానా థ్యాంక్స్. నల్లకోన్లు, సుర్మా పక్కన పెట్టేశాం. లైసెన్సు నంబరు లేని క్రీము డబ్బాలు కొన్ని మిగిలినాయి. ఏజెంటు వెనక్కి తీసుకోనంటున్నాడు. పారేయమంటారా?

ఒంగోలు_ఫార్మసిస్ట్:

పారేయొద్దు, తగలబెట్టొద్దు. పాదరసం ఉంటే కాల్చినప్పుడు ఆవిరై మీరే పీలుస్తారు, కాలవలో పోస్తే నీళ్లలో కలుస్తుంది. మూతలు బిగించి, మందపాటి ప్లాస్టిక్ కవరులో వేసి కట్టి, "అమ్మకానికి కాదు" అని రాసి అంగట్లో సరుకు దగ్గర కాకుండా విడిగా పెట్టండి. ఏజెంటు పేరు, ఫోను, ఇచ్చిన తేదీ, ఎంత కట్టారో ఒక కాగితం మీద రాసుకోండి. డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం 1940లో సెక్షన్ 18ఏ కింద, సరుకు ఎవరి దగ్గర కొన్నారని ఇన్‌స్పెక్టరు అడిగితే అంగడివాళ్లు చెప్పి తీరాలి. బిల్లు లేకపోతే చెప్పడానికి మీ దగ్గర ఆధారం ఉండదు. ఇకనుంచి బిల్లు లేని ఒక్క డబ్బా కూడా దించుకోవద్దు.

తర్వాత ఈ సరుకు సంగతి మీరే ముందుగా జిల్లా డ్రగ్ ఇన్‌స్పెక్టరుకు రాసివ్వండి. వాళ్లు వచ్చి పట్టుకునేదాకా ఆగొద్దు. మీ ఖాతాదారుల్లో ఎవరైనా తాము కొన్న డబ్బాను పరీక్ష చేయించుకోవాలంటే, సెక్షన్ 26 ప్రకారం ఫీజు కట్టి గవర్నమెంట్ అనలిస్టుకు పంపుకోవచ్చు, సంతకంతో రిపోర్టు ఇస్తారు. తెరవని డబ్బా ఒకటి ఉంటే అదే పంపమనండి.